వీలు చూసుకుని

నవంబరు పద్నాలుగు. ఆ తారీఖు ఆమెకి ఇప్పటికీ గుర్తే, ఆ పొద్దున తిన్నదీ గుర్తే. స్టవ్ పక్కన నిలబడి, అత్తగారి కంటి చుక్కల సీసా మూత బిగిస్తూ తిన్న అంచులు మాడిన బ్రెడ్డు ముక్క ఒకటి, ఉడికించిన గుడ్డులో సగం. మిగతా సగాన్ని భర్త చూసి, "ఇది ఎవరిదీ కాదుగా?" అని అడిగి, జవాబు వచ్చేలోపే నోట్లో వేసుకున్నాడు.

ఆయన నోరు గుడ్డుతో నిండి ఉన్నప్పుడైనా చెవులు ఖాళీగా ఉంటాయనిపించి ఆమె మళ్ళీ చెప్పింది. "ఏమండీ, ఆ సోమవారం సంగతి... కొత్త ఆసుపత్రిలో మెయిల్ సర్వర్ పెట్టాలి. పది రోజులే. వీలైతే, మీకేమీ ఇబ్బంది లేకపోతే..."

"చూద్దాంలే," అన్నాడు బూటు లేసు ముడి వేసుకుంటూ.

ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు టీవీ చూస్తూ "ఊఁ" అన్నాడు. మళ్ళీ చెబితే, "ఎప్పుడు చెప్పావు?" అన్నాడు. ఆయనలో చెడ్డతనం లేదు. గొంతెత్తడు, ఎవరైనా బాధపడితే చూడలేడు. కాకపోతే ఆమె మాట ఆయన చెవిలో పడి, అక్కడే ఎక్కడో ఒక మెత్తటి చోట నిద్రపోతుంది. కరెంటు బిల్లు కట్టలేదేమని అడిగితే, "వీలైతే కట్టమన్నావుగా, వీలు కాలేదు," అంటాడు అమాయకంగా. అందులో తప్పు పట్టడానికి ఆమెకి ఏమీ దొరకదు. అన్న మాట నిజమే మరి.

ఆమె పనిచేసేది ఒక పెద్ద ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో. డాక్టర్లకీ నర్సులకీ వచ్చే మెయిళ్ళ సర్వర్ బాగోగులన్నీ ఆమెవే. ఊరవతల కట్టిన కొత్త ఆసుపత్రిలో కూడా అలాంటి సర్వర్ పెట్టాలి, అక్కడివాళ్ళు మాట్లాడే భాషలన్నిటిలో అది పలికేలా చేయాలి. ఆ పని ఆమె చేతుల మీదుగా మొదలు కావాలని ఆమెకి ఎంతో ఆశ. ఆ సాయంత్రంలోగా ఒప్పుకుంటే ఆమె వెళ్తుంది, లేకపోతే పక్క కుర్చీలో ఉండే అతను వెళ్తాడు. అతనితో పై అధికారి, "బట్టలు సర్దుకో," అని మాత్రం అన్నాడు. ఆమెతో, "ఇంట్లో అడిగి చెప్పమ్మా," అన్నాడు.

ఆ పై అధికారికి ఆడవాళ్ళందరూ కలిసి పెట్టుకున్న పేరు టూకీ సార్. ఎవరేం చెప్పబోయినా "టూకీగా, టూకీగా" అంటాడు, ఆపైన అరగంట ఆయనే మాట్లాడతాడు. ఆ రోజు ఆమె సీట్లో కూర్చోకముందే టూకీ సార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "మూడో అంతస్తులో గొడవైంది. నువ్వు చెప్పలేదా వాళ్ళకి?"

జరిగింది ఇది. ఒక పెద్దాయనకి ముందురోజు పొద్దున చేయాల్సిన ఆపరేషన్ సాయంత్రానికి మారింది. ఆ మాట మూడో అంతస్తు పెద్ద సిస్టర్‌కి మెయిల్‌లో పంపారు. ఆవిడ మెయిల్‌బాక్స్ నిండిపోయి ఉండటంతో అది వెనక్కి వెళ్ళింది. పంపినవాళ్ళు చూసుకోలేదు. పెద్దాయన చుక్క నీళ్ళు లేకుండా సాయంత్రం దాకా పడుకున్నాడు. ప్రాణానికేం కాలేదు. కూతురు అరిచి గోల చేసిందిగానీ, ఆయన మాత్రం పెదాలు తడుపుకుంటూ, "పోనీలెండి, సిస్టరమ్మ కావాలని చేసిందా," అన్నాడట. ఆ మాటకే పెద్ద సిస్టర్ రాత్రంతా ఏడ్చిందని మెట్ల దగ్గర ఎవరో చెప్పారు.

ఆమె కంప్యూటర్ తెరిచి చూసింది. బాక్సు ముప్పాతిక నిండినప్పుడు ఒక హెచ్చరిక, ఇంకాస్త నిండాక ఒకటి, చివరగా మరొకటి, అన్నీ వెళ్ళాయి. పెద్ద సిస్టర్ ఎంచుకున్న భాషలోనే వెళ్ళాయి. అది ఆమె సొంత భాష కూడా. ఆ భాషలో హెచ్చరికలు రాసింది ఆమే. మెట్లెక్కి మూడో అంతస్తుకి పరిగెత్తింది.

"వచ్చాయమ్మా, చూశాను," అంది పెద్ద సిస్టర్, ఉబ్బిన కళ్ళతో. "ఏదో పలకరింపనుకున్నాను. పండక్కి శుభాకాంక్షలు వస్తుంటాయే, అలాంటిదని." ఫోన్ తీసి తనే చదివింది. "'మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి. వీలు చూసుకుని మీ మెయిల్‌బాక్స్ వైపు ఒకసారి దృష్టి సారిస్తే బాగుంటుందేమో...' చాలా మర్యాదగా ఉంది. ఎవరు రాశారోగానీ మంచి ఇంటి పిల్ల."

మంచి ఇంటి పిల్ల మెట్లు దిగి వచ్చి కుర్చీలో కూర్చోలేకపోయింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చింది, నీళ్ళసీసా మూత తీసి తాగకుండానే పెట్టేసింది, కాలు కాలిన పిల్లిలా ఆ చిన్న గదిలో అటూ ఇటూ తిరిగింది. ఆ సర్వర్ కొన్నప్పుడు కంపెనీవాళ్ళు హెచ్చరికలన్నీ ఒకే భాషలో ఇచ్చారు, పై అధికారులు వాడే భాషలో. మిగతా నాలుగూ ఎవరో ఒకరు రాయాలి. "మీ ఆడవాళ్ళకి మాట నేర్పు ఎక్కువ కదమ్మా, తీరికలో చేసి పెట్టండి," అన్నాడు టూకీ సార్. రిసెప్షన్ ఆవిడ, ల్యాబ్ ఆవిడ, అకౌంట్స్ ఆవిడ, తను, తలా ఒక భాష పంచుకున్నారు. భోజనాల వేళ రాశారు, ఇంటికెళ్ళి గిన్నెలు కడిగాక రాశారు. దానికి జీతమూ లేదు, పేరూ లేదు. "బాగా చేశాం" అని పైవాళ్ళ ముందు మెచ్చుకోలు మాత్రం టూకీ సార్ అందుకున్నాడు. అదంతా ఆమె ఎప్పుడో మరిచిపోయింది. ఇప్పుడు మనసుని కెలుకుతున్నది అది కాదు. ఆ మర్యాద ఆమెకి ఎక్కడ అబ్బిందో గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో, వంటింటి గుమ్మంలో నిలబడి మామగారితో, "గ్యాస్ అయిపోయింది," అంది. అత్తగారు చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, "అట్లా మొహం మీద చెప్పేస్తారటే? అడిగినట్టు చెప్పాలి," అని నేర్పింది. ఆ రోజు నుంచీ ఇంట్లో ఉప్పు అయిపోయినా, ఒంట్లో జ్వరమొచ్చినా ఆమె అడిగినట్టే చెబుతోంది. చివరికి ఒక మెషిన్‌కి కూడా తలొంచుకుని మాట్లాడటం నేర్పేసింది.

పరీక్ష కోసం ఒక ఉత్తుత్తి మెయిల్‌బాక్స్ తెరిచి, దాన్ని పనికిరాని ఫొటోలతో నింపింది. భాష మార్చినప్పుడల్లా సర్వర్ ఏమంటుందో చూసింది. ముందు కంపెనీవాళ్ళది వచ్చింది. "మీ మెయిల్‌బాక్స్ నిండబోతోంది. నిండితే మెయిళ్ళు రావు. పాతవి తీసేయండి." అంతే. ఆ భాష వాడేవాళ్ళలో ఎవరి బాక్సూ ఎన్నడూ పొంగి పొర్లలేదు. తరవాత మిగతా భాషలవి వచ్చాయి. తనకి రాని భాషల సంగతి రాసినవాళ్ళనే అడిగింది.

"చదవనా?" అంది రిసెప్షన్ ఆవిడ ఫోన్లో. "'తమరి అమూల్యమైన సమయం తీసుకుంటున్నందుకు మన్నించండి...' అయ్యో, ఇది మా మామగారికి రాసిన ఉత్తరంలా ఉందేంటి!"

"నాది ఇంకా ఘోరం," అంది ల్యాబ్ ఆవిడ. "అడుగున 'దీన్ని పట్టించుకోకపోయినా ఫరవాలేదు' అని రాశాను. పాపం, అందరూ నా మాట విన్నారు."

ఇద్దరితోనూ నవ్వింది. అకౌంట్స్ ఆవిడ నవ్వలేదు. "మార్చేద్దామే," అంది మెల్లగా.

మధ్యాహ్నానికి మార్చేశారు. తన భాషలో ఆ మూడు వాక్యాలు రాయడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. రాసిన ప్రతిసారీ వేళ్ళు వాటంతటవే వెళ్ళి ముందు ఒక "దయచేసి", వెనక ఒక "వీలైతే" తగిలించాయి. తీసేసింది. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తీసేసింది. నిండిన బాక్సుకి కూడా సర్వర్ హెచ్చరికలు మాత్రం చేరతాయి. పంపగానే మూడో అంతస్తు నుంచి ఫోనొచ్చింది. "అమ్మా, ఇదిగో, ఇప్పుడు భయమేసింది. కూర్చుని అన్నీ తీసేస్తున్నాను. ఇట్లా ముందే చెప్పి ఉంటే నా తల్లీ!" గొంతులో నింద లేదు, ఊరటే ఉంది. అది ఆమెకి మోయలేనంత దయలా అనిపించింది.

టూకీ సార్ మాత్రం ముఖం చిట్లించాడు. "కాస్త కటువుగా లేదూ? మనవాళ్ళు నొచ్చుకుంటారేమో."

"మీకు ఇన్నేళ్ళుగా ఇదే మాట వస్తోంది సార్, మీ భాషలో. నొచ్చుకున్నానని మీరెప్పుడూ అనలేదు."

ఆయన నోరు తెరిచి, ఈసారి నిజంగానే టూకీగా, "ఊఁ" అన్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "సోమవారం సంగతి ఇంట్లో అడిగావా?"

"నేను వెళ్తున్నాను సార్," అంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కుదురుగా కూర్చోలేదు. సంచి ఒళ్ళోంచి పక్కకీ, పక్కనుంచి ఒళ్ళోకీ మార్చింది. ఆఫీసులో ఒక మాట అనేసి రావచ్చు, అది జీతమిచ్చే చోటు. ఇంట్లో ఆ మాటే అంటే? ఏమీ కాకపోవచ్చు. లేదా ఆయన నొచ్చుకుని, అన్నం మానేసి, అటు తిరిగి పడుకోవచ్చు. అరుపు కన్నా ఆ వీపంటేనే ఆమెకి భయం. అత్తగారికి కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ గదిలో నేల మీద పడుకుంటున్నది ఆమే. రాత్రి ఆవిడ కదిలితే లేచేదీ, బాత్‌రూమ్‌కి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదీ ఆమే. పక్క గదిలో ఆయన, నిద్ర చెడుతుందని తలుపేసుకుంటాడు. తను వెళ్తే ఇవన్నీ ఎవరు? ఆ ప్రశ్నకి జవాబు ఇంట్లోనే ఉంది, మంచమ్మీద, హాయిగా నిద్రపోతూ.

భోజనాల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. అత్తగారు నల్లద్దాల వెనక నుంచి కంచం వెతుక్కుంటోంది. ఆమె గ్లాసుల్లో నీళ్ళు పోసి కూర్చుంది.

"సోమవారం నేను వెళ్తున్నాను. పది రోజులు. అత్తయ్యకి పొద్దుటా రాత్రీ చుక్కలు వేయాలి, రాత్రిపూట ఆ గదిలోనే పడుకోవాలి. అది మీరే చేయాలి."

నాలుక చివర "వీలైతే" వచ్చి నిలబడింది. నీళ్ళతోపాటు దాన్నీ మింగేసింది.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అదేంటి, అడగనైనా అడగకుండా?"

"చాలాసార్లు అడిగానండీ. ఇప్పుడు చెప్తున్నాను."

ఆమె చూపు అత్తగారి వైపు వెళ్ళింది. పాతికేళ్ళ కిందటి ఆ చెయ్యి మళ్ళీ తనని లోపలికి లాగుతుందనుకుంది. పెద్దావిడ మెతుకు కూడా మిగల్చకుండా తినడం ముగించి, చేత్తో బల్ల అంచు తడుముకుంది.

"ఒరేయ్, వినిపించిందిగా? చుక్కల సీసా ఫ్రిజ్ తలుపులో ఉంది. సబ్బుతో చేతులు కడుక్కుని రా."

ఆయన తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూసి, లేచాడు. మొదటి చుక్క బుగ్గ మీద పడింది. "కన్ను కొంచెం పైనుంటుందిరా," అందావిడ. రెండో చుక్క కంట్లోనే పడింది. తన విజయానికి తనే ఆశ్చర్యపోయినట్టు ఆయన సీసా వైపు చూసుకున్నాడు.

గిన్నెలు సర్ది ఆమె ఎప్పటిలాగే పరుపు చంకన పెట్టుకుని అత్తగారి గదికి వచ్చేసరికి, నేల మీద అప్పటికే ఆయన దిండు ఉంది.

"వాడు ఇవాళ్టి నుంచే పడుకుంటాడు. సోమవారానికి అలవాటవ్వాలిగా," అంది అత్తగారు. "నువ్వెళ్ళి మంచమ్మీద పడుకో అమ్మాయ్. నాకు అవసరమైతే వాణ్ణి పిలుస్తాను. అడిగినట్టు కాదులే, అరిచి పిలుస్తాను."

ఆమె వెళ్ళి మంచమ్మీద పడుకుంది. ఎవరైనా పిలుస్తారేమోనని అలవాటుగా చెవులు రిక్కించి, తలుపు బార్లా తీసే ఉంచింది. కాసేపటికి గోడ పట్టుకుని నడిచే అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆమె లేవబోయింది. ఈలోగా అత్తగారు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి మూసేసింది.