ముందు చిన్నతల్లికి

సీతమ్మకి అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలు పలచగా ఉంటే గేదెని కాదు, పాలామెని చూస్తుంది. ప్రార్థనలో ఫలానావాళ్ళు కళ్ళు తెరిచారని ఆవిడ చెబితే, మరి మీ కళ్ళు ఎప్పుడు తెరిచారమ్మా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ భర్త డేవిడ్‌రాజు సంఘపెద్ద. ఆ పెద్దకి పెద్ద ఎవరో బొబ్బిలి చుట్టుపక్కల బాప్టిస్టు చర్చిల్లో అందరికీ తెలుసు.

వాళ్ళ ఊళ్ళో వరికోతలయ్యాక కృతజ్ఞతా పండుగ చేస్తారు. కెనడా నుంచి వచ్చిన దొరసాని మొదలుపెట్టిన పండుగ అది. వాళ్ళ దేశంలో పంట ఇంటికొచ్చాక దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుని, మేకపిల్లంత కోడిని కోడి పళంగా కాల్చుకు తింటారట. గుమ్మడికాయతో తీపి వంట చేస్తారట. మేకపిల్లంత కోడి అనగానే ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు గాని, దొరసాని కోతలు కోస్తోందని పైకి అనలేరు కదా! అంచేత ఇక్కడ నాటుకోడి పలావుతో సరిపెట్టారు. ఏటా అదే. పలావు కోసమే పండుగ పుట్టిందని పిల్లలు నమ్మేదాకా వచ్చింది.

అరవై ఎనిమిదిలో ఆ పలావుకి గండం వచ్చింది. దొరసాని సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళింది. దీపావళి వెళ్ళీ వెళ్ళకముందే కోళ్ళకి తెగులు తగిలి ఊళ్ళో కోడికూత వినబడకుండా పోయింది. మేకపోతుని కోసే తాహతు సంఘానికి లేదు. డేవిడ్‌రాజు బాగా ఆలోచించి, "ఎవరి పొలంలో పండింది వాళ్ళు వండి తెండి. మాంసం లేదని దేవుడేమీ అలగడు" అన్నాడు. దేవుడు అలగలేదు గాని జనం అలిగారు.

అలిగినా ఇంటికో వంట ఒప్పుకున్నారు. గుమ్మడికాయ బెల్లం పులుసు ఒకరు, కంద బచ్చలి ఒకరు, ఉలవచారు ఒకరు, చిక్కుడుకాయల్లో నువ్వులపొడి ఒకరు. కొత్తబియ్యంతో పరమాన్నం తెస్తానని తవిటమ్మ అంది. ఆ మాటతోనే సీతమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

తవిటమ్మా, మొగుడు సోములూ రైతులు. సోములు మిషన్ ఆస్పత్రిలో చావు తప్పించుకుని వచ్చాక, రెండేళ్ళ కిందట ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. అప్పట్నించి వాళ్ళ చుట్టాలెవరూ వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. సంఘంలోవాళ్ళు ముడతారు గాని, ముట్టేముందు ఓసారి సీతమ్మ మొహం కేసి చూస్తారు. సీతమ్మ లెక్క సీతమ్మది. పుట్టినదాది అమ్మోరికి మొక్కిన చెయ్యి ఇంత తొందరగా ఊరుకుంటుందా?

ఊరి చివర గుళ్ళో ఉన్న ఆ అమ్మోరి పేరు చిన్నతల్లి. కొత్త పంట ఇంటికొస్తే తొలి ముద్ద చిన్నతల్లికి పెట్టిగాని ఊళ్ళో మిగిలినవాళ్ళు తినరు. అమ్మోరికి పెట్టినదాన్ని విశ్వాసులు ముట్టకూడదని సంఘంలో కట్టడి. పరమాన్నమైతే మరీను, అచ్చంగా నైవేద్యపు వంటాయె.

పండుగనాడు పొద్దున్నే సీతమ్మ గరిటె అడిగే నెపంతో తవిటమ్మ పెరటికేసి వెళ్ళింది. తడిక అవతల మాటలు వినబడితే అక్కడే ఆగిపోయింది.

"ముందు సిన్నతల్లికి తియ్యాల," అంటోంది తవిటమ్మ. "ఎట్టకుండా పందిట్లోకి అట్టుకెల్తే నా మనసొప్పదు."

"ఎవలైనా సూస్తే?" సోములు గొంతు.

"సూడనీ. నా సేతి ముద్ద ఆ నోటికంది రెండేళ్ళయినాది."

"నెమ్మదిగా అనే! సీతమ్మగారు ఇన్నాదంటే మన కొంప ములిగిపోద్ది."

సీతమ్మగారు వినేసింది. గరిటె సంగతి మర్చిపోయి, కొంగు బిగించుకుని ఇంటికి తిరిగొచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆవిడకి కోపం కంటే ముందు సంతోషమే వచ్చింది. రెండేళ్ళుగా తను అనుకుంటున్నదే నిజమైంది మరి.

చర్చి పక్కన తాటాకు పందిట్లోకి వంటలు ఒక్కొక్కటే వచ్చాయి. ఎవరూ లేకుండా చూసి సీతమ్మ తవిటమ్మ కుండ మూత తీసింది. కొత్త కుండ. అంచున పసుపు మరక. పరమాన్నం నడిమధ్యలో గరిటెతో తోడిన గుంట. కర్పూరం వాసన వస్తుందేమోనని వంగి గట్టిగా పీల్చింది. రాలేదు. ఎంత జాగ్రత్తపడిందో చూడు, వాసన కూడా రానివ్వలేదు అనుకుంది.

భర్తని పక్కకి పిలిచి చెప్పింది.

"నువ్వు కళ్ళారా సూసావా?" అన్నాడు డేవిడ్‌రాజు.

"సెవులారా ఇన్నాను. కుండలో గుంట కళ్ళారా సూసాను."

ఆయన తల గోక్కున్నాడు. "ఇవాళ పండగపూట అల్లరొద్దు. ఆదివారం సంఘంలో అడుగుదాం. నిజమని తేలితే సంఘం పుస్తకంలోంచి ఆళ్ళ పేర్లు కొట్టీడమే. అందాకా నోరు మెదపకు."

సీతమ్మ సరేనంది. ఒక్క నీలవేణితో మాత్రం అంది, అదీ ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని మరీ. పాటలు ఎత్తుకునే నీలవేణికి గొంతు పెద్దది, కడుపులో చోటు చిన్నది. ఆరాధన ముగిసేసరికి పందిట్లో తెలియనివాళ్ళు ఇద్దరే, తవిటమ్మా సోములూ.

డేవిడ్‌రాజు వంటలన్నిటి ముందూ నిలబడి ప్రార్థన చేశాడు. విస్తళ్ళు వేశారు. పిల్లలు గుమ్మడికాయ పులుసులో ముక్కని కోడిముక్కేమోనని నొక్కి చూసి నిట్టూర్చారు. ఉలవచారుకి మాత్రం మంచి పేరొచ్చింది. పలావు లేకపోయినా ఫరవాలేదర్రా అని నలుగురూ అనుకుంటున్న వేళ తవిటమ్మ కుండ చంకనెత్తుకుని వడ్డనకి వచ్చింది.

మొదటి విస్తరి మీద చెయ్యి అడ్డం పడింది. "సాలమ్మా, కడుపు నిండిపోనాది." పక్కామె, "తీపి తింతే పళ్ళు జివ్వుమంతాయి" అంది. ఆ పక్కామె విస్తరే మడిచేసింది. పిల్లాడొకడు చెయ్యి చాస్తే వాళ్ళమ్మ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. డేవిడ్‌రాజు దగ్గరికొచ్చేసరికి ఆయన విస్తరిలోకి చూస్తూ, "ఆఖర్న ఏసుకుంటానులే" అన్నాడు. తవిటమ్మ చేతిలో గరిటె నిండుగా ఉన్నది ఉన్నట్టే సీతమ్మ దాకా వచ్చింది.

"ఏటమ్మా, ఏటయినాది?" అంది తవిటమ్మ.

"ఇందులో తొలి ముద్ద ఎవలికి ఎట్టావో అది సెప్పు," అంది సీతమ్మ అందరికీ వినబడేలా.

తవిటమ్మ మొహం పాలిపోయింది. "ఎట్టాల్సినోళ్ళకి ఎట్టాను."

"సిన్నతల్లికేనా?"

ఆ పేరు వినగానే తవిటమ్మ అదిరిపడి మొగుడికేసి చూసింది. సోములు తల వంచుకున్నాడు. తవిటమ్మే, "అవును," అంది.

పందిరంతా గుసగుసలు. తవిటమ్మ గరిటె కుండలో పెట్టేసింది. "మా ఓళ్ళు మా ఇంట తినరు. మీరూ తినకపోతే మాతో కూకుని తినీవోళ్ళు ఇంకెవలున్నారమ్మా?" అంది. ఆ మాటలో ఏడుపు లేదు. నిజంగానే అడిగింది. మడిచిన విస్తళ్ళకేసి ఓసారి చూసి, కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది. సోములు సగం తిన్న విస్తరి వదిలి ఆమె వెనకాలే నడిచాడు.

గెలిచాక కూడా సీతమ్మకి అనుమానం తీరలేదు. కుండని తిన్నగా అమ్మోరి గుడికే పట్టుకెళ్తుంది, చేతులారా పట్టుకుంటే ఆదివారం సాక్ష్యం తిరుగుండదు అని, చెయ్యి కడుక్కుని గట్టుమీదుగా వెంటపడింది. తవిటమ్మ గుడి ముందునుంచే వెళ్ళింది. ఆగలేదు, అటు తలైనా తిప్పలేదు. సీతమ్మకి ఇది ఏమాత్రం నచ్చలేదు. వాళ్ళింటి దాకా పోయి, పెరటి తలుపు సందులోంచి తొంగిచూసింది.

లోపల ఓ పక్కన సోములు నిలబడ్డాడు. ఉట్టి కింద పీట మీద ఒక నిండు చూలాలు కూర్చుంది. ముందు గిన్నెలో పరమాన్నం. చెయ్యి పెట్టబోయి ఆగింది.

"వదినా, దీనిమీద మీ పార్థన సెయ్యలేదు గదా?"

"లేదే. ఆళ్ళు పార్థన సేసింది ఈ కుండలోది. నీది పొద్దున్నే తీసీసి ఉట్టిలో ఎట్టీసాను."

"ఒట్టు?"

"ఒట్టు."

"నా కడుపులోదానికి ఏటీ అవదు గదా?"

సీతమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఇది ఎవరి దేవుడికి పెట్టిందన్న ప్రశ్న, పొద్దుట్నించీ తన నోట్లో నానుతున్నదే, అవతలి వైపు నుంచి వినబడింది. పిల్లని గుర్తుపట్టింది. సోములు చెల్లెలు, పెద్దవీధిలో ఇచ్చిన పిల్ల. పేరు చిన్నతల్లి. అమ్మోరి పేరు పెట్టుకున్న ఆడపిల్ల ఆ ఊళ్ళో ఇంటికొకత్తి ఉంటుంది. ఆ సంగతి సీతమ్మకి తెలీక కాదు, తట్టాలని లేక తట్టలేదు. తవిటమ్మ కాపురానికొచ్చేనాటికి ఈ పిల్ల పాకుతోంది. తల్లి లేదు. గోరుముద్దలు పెట్టి పెంచింది తవిటమ్మే. రెండేళ్ళుగా అత్తవారు ఈ పిల్లని పుట్టింటి గడప తొక్కనివ్వలేదు. కడుపుతో ఉండి వదిన చేతి పరమాన్నం మీద మనసుపడి, దొంగతనంగా వచ్చింది.

తలుపు కిర్రుమంది. తవిటమ్మ సీతమ్మని చూసి, ఆ పిల్లకి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, కావాలంతే మా పేర్లు కొట్టీయండి. దీని సంగతి మాత్రం ఎవలికీ సెప్పకండి. అత్తోరికి తెలిస్తే దీన్ని ఇంట్లోంచి గెంటేస్తారు."

సీతమ్మకి సిగ్గేసింది. పందిట్లో తను ఆ పేరెత్తినప్పుడు తవిటమ్మ ఎందుకు అదిరిపడిందో, నలుగురిలో ఎందుకు నోరు విప్పలేదో ఇప్పుడు తెలిసింది. లోపలికొచ్చి కింద చతికిలబడింది.

"నాకూ ఎట్టు," అంది.

తవిటమ్మ నమ్మలేనట్టు చూసి, కుండ దగ్గరికి జరిగింది.

"అది కాదు. ఆ పిల్ల తినీదాంట్లోది."

ఆ గిన్నెలోంచి కొంత ఆకులో పడింది. అలవాటు కొద్దీ సీతమ్మ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. పక్కన గిన్నె చప్పుడు ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే చిన్నతల్లి చెయ్యి నోటి దగ్గరే ఉండిపోయింది, కళ్ళనిండా భయం. పుట్టి బుద్ధెరిగాక ప్రార్థన లేకుండా ముద్ద మింగని మనిషి సీతమ్మ. జోడించిన చేతులు విడదీసింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. బెల్లం కొంచెం ఎక్కువైంది గాని, అన్నం వెన్నలా ఉంది. చిన్నతల్లి కూడా తినసాగింది.

అంతలో వీధి గుమ్మం వైపు అడుగుల చప్పుడయింది. "సీతమ్మగారో! ఇటే వొచ్చినట్టున్నారు?" నీలవేణి గొంతు. ఇంకో నాలుగడుగులు వేస్తే లోపలున్నదెవరో కనబడుతుంది. పొద్దుగూకేలోగా పెద్దవీధికీ తెలుస్తుంది. తవిటమ్మ చిన్నతల్లిని తన వెనక్కి లాక్కుంది.

సీతమ్మ ఆకుతో సహా లేచి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కుడిచేతికి పరమాన్నం అంటుకునే ఉంది. నీలవేణి ఆ చేతినీ, ఆ ఆకునీ చూసింది.

"ఏటండీ, మీరు తింతన్నారా? అది సిన్నతల్లిది కాదేటి?"

"సిన్నతల్లిదే," అంది సీతమ్మ. "ముందు దానికి ఎట్టాకే నాకెట్టింది."

నీలవేణి నోరు తెరిచింది. మూయడం మర్చిపోయి, వచ్చినదారినే పరుగులాంటి నడకతో పోయింది. ఎక్కడికి పోతోందో సీతమ్మకి తెలుసు. ఆదివారంనాడు డేవిడ్‌రాజు సంఘం ముందు కొట్టెయ్యాల్సిన పేర్లు రెండు కావు, మూడు. మూడోది తన పెళ్ళాంది.

తలుపు గడియ వేసి వచ్చి, సీతమ్మ ఆకు ముందుకి తోసింది.

"ఇంకో గరిటెడు ఎయ్యే, తవిటమ్మా."