పైకి చదివే ఈశ్వరి

జాలారిపేటలో పోతమ్మకి తెల్లారకముందే పని మొదలవుతుంది. హార్బరులో చేపల వేలంపాట అందుకోవాలంటే చీకటితోనే గంపలు కడుక్కోవాలి. ఆమె గంపలు కడుగుతుంటే లోపలి గదిలోంచి కూతురు ఈశ్వరి గొంతు వినిపిస్తూ ఉంటుంది. "వాహకంలో ఎలక్ట్రాన్ల చలనాన్ని నిరోధించే ధర్మమే విద్యుత్ నిరోధం." ఈశ్వరి పోయి కొన్నేళ్లయింది. గొంతు మాత్రం పోలేదు. పదో తరగతి పాఠాలన్నీ చివరిదాకా అప్పజెప్పి, మళ్లీ మొదటికొస్తుంది.

పేటలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. కరెంటు మీటరు చూసేవాడు కూడా ఆ జవాబు అయ్యేదాకా గుమ్మంలో ఆగి లోపలికొచ్చేవాడు. పరీక్షల కాలంలో చుట్టుపక్కల పిల్లలు చాపలు తెచ్చుకుని గోడవార కూర్చునేవారు. ఆమె వెనకాలే పలికేవారు, పాసయ్యేవారు. బద్ధకించిన పిల్లల్ని తల్లులు, "ఈశ్వరిని సూడ్రా, పోయినా సదువుతంది" అని దెప్పేవారు. అదెంత మాటో వాళ్లకి తట్టేది కాదు పాపం.

పోతమ్మకి మాత్రం ఆ గొంతంటే ప్రాణం, నరకం కూడా. ఆ ఇళ్లలో లెక్క ఒకటే. గొంతు వినబడితే పిల్ల చదువుతున్నట్టు, చదువుతుంటే బాగున్నట్టు. ఈశ్వరి బతికుండగా, పబ్లిక్ పరీక్షల రోజుల్లో తలుపవతల గొంతు విని నిశ్చింతగా హార్బరుకి పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. ఈశ్వరి పరీక్ష హాల్లో పడిపోయాక గానీ పిల్ల ఒంటిమీద చెయ్యి వెయ్యలేదు. అప్పటికే జ్వరం ముదిరిపోయింది. "ఒక్క మాటయినా సెప్పలేదే" అని ఇప్పటికీ గంప నెత్తికెత్తుకుంటూ ఏడుస్తుంది.

ఈమధ్య చదువులు మారాయి. దేశమంతా మార్చారట. బట్టీ కొట్టి రాస్తే మార్కుల్లేవు. తెలిసింది సొంతమాటల్లో చెప్పాలి, చేసి చూపించాలి. పక్కింటి ధనశ్రీ బ్యాటరీకి తీగలు తగిలించి బల్బు వెలిగిస్తూ కూర్చుంటుంది. పేటలో పైకి చదివే పిల్లే కరువైంది. వినేవాళ్లు లేక ఈశ్వరి గొంతు సన్నబడింది. వాక్యం మధ్యలో ఆగిపోయేది.

గొంతూ పోతే ఇంక తనకేం మిగులుతుందని పోతమ్మ భయం. నెత్తళ్ల చేపలు వేయించి పిల్లల్ని మళ్లీ చదువుకి పిలిచింది. తిన్నారు, పోయారు. ధనశ్రీ ఒక్కతే నొచ్చుకుంటూ చెప్పింది. "పిన్నీ, అక్క సదివేవి ఇప్పుడు అడగట్నేదు."

పోతమ్మ బడికి పోయి హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తి కాళ్లమీద పడబోయింది.

"పాత పెశ్న ఒక్కటయినా ఎట్టండి బాబూ. నేకపోతే నా పిల్ల ఆగిపోద్ది."

ఈశ్వరికి పాఠాలు చెప్పింది ఆయనే. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నా చేతిలో లేదమ్మా. పుస్తకంలో ఏముందో అడగొద్దంటున్నారు. పిల్లకి ఏమనిపిస్తోందో అడగమంటున్నారు. అప్పట్లో మేం ఎవరం అడగలేదు."

తనూ అడగలేదని పోతమ్మకి దారిపొడుగునా గుర్తొస్తూనే ఉంది.

ఇంటికొచ్చి గది తలుపు తీసి నేలమీద కూర్చుంది. గొంతు విద్యుత్ నిరోధం దగ్గర తడబడుతోంది. చదువుకుంటున్న పిల్లని బతికుండగా గానీ పోయాక గానీ ఆమె ఎన్నడూ ఆపలేదు. ఇప్పుడు ఆపితే మళ్లీ పలకదేమోనని భయపడింది. అయినా అడిగింది.

"ఈశ్వరీ, నీకెలాగుందమ్మా?"

గొంతు ఆగిపోయింది. వీధిలో ఎవరిదో బండి స్టార్టయి వెళ్లిపోయింది. అప్పుడు, పుస్తకం మాట కాకుండా ఇంట్లో మాట వినబడింది.

"ఒల్లు కాలిపోతందమ్మా."

పోతమ్మ నోట్లో చెంగు కుక్కుకుంది. చెంగు తీసి, "అయితే పుస్తకం మూసీ. ఎల్లొద్దు" అంది.

"మరి పరీచ్చో?"

"మాస్టారికి నాను సెప్పుకుంటాన్లే. నువ్ పడుకో."

ఇంక మాట రాలేదు. పోతమ్మ చీకటి పడేదాకా ఆ నేలని నిమురుతూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె మొగుడు నూకాలు చేపల వేటనుంచి వచ్చాడు. గుమ్మంలో కాలు పెట్టి, చెవి ఒగ్గి, కంగారుగా లోపలికి చూశాడు.

"ఈశ్వరి మాటినబడదేటే?"

"పడుకుంది" అంది పోతమ్మ. "లేపకు."