ఫోన్లు తూచిన పిల్ల

సోమవారం పొద్దున్నే ఆమె చేసే మొదటి పని కాటా తుడవడం. చిన్న ఎలక్ట్రానిక్ కాటా, ఐదు కిలోల దాకా తూస్తుంది. తడిగుడ్డతో పళ్ళెం తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, మీట నొక్కి, సున్నా కనబడేదాకా ఆగి, సంచిలో పెట్టుకుంటుంది. అదే సంచిలో ప్రశ్నపత్రాల కట్ట, రెండు పెన్నులు, నీళ్ళ సీసా. యూనివర్సిటీలో భాషల మీద పరిశోధన చేసే పిల్లకి కాటా ఎందుకని ఎవరూ అడగలేదు. ఫోన్లు తూచాలంటే కాటా కావాలి కదా! అసలు పేరు యూనివర్సిటీ రిజిస్టర్లో భద్రంగా ఉంది గానీ, వీధి వీధంతటికీ ఆమె కాటా పిల్ల.

కొన్న రోజున ఎవరి ఫోనైనా ఒకటే బరువు. నూట ఎనభై, మహా అయితే రెండొందల గ్రాములు. తేడాలన్నీ ఆ తర్వాతే వస్తాయి. మనిషి నోరారా మాట్లాడిన మాట, అన్న ఫోన్లోనూ విన్న ఫోన్లోనూ దిగి అక్కడే ఉంటుంది. తిట్టినా, బతిమాలినా, తోడికోడలి మీద చాడీలు చెప్పినా సరే, కడుపులో దాచుకోకుండా మాట్లాడితే చాలు, గ్రాము గ్రాముగా బరువెక్కుతుంది. వేలితో తోసుకుంటూ గంటల తరబడి వీడియోలు చూస్తే ఒక్క గ్రాము కూడా పెరగదు. ఒక గ్రూపులో వచ్చిన పువ్వు బొమ్మని ఇంకో గ్రూపులోకి తోసినా పెరగదు. మాట్లాడడం మానేస్తే మాత్రం తడిబట్ట ఆరినట్టు నెమ్మదిగా తేలికవుతుంది. అందుకే బస్సు కండక్టరు పెద్దవాళ్ళని చూసి, "ఫోను ఒళ్ళో పెట్టుకోకండి, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి" అని ముందే చెబుతాడు. దర్జీ చొక్కా జేబుకి లోపల ఇంకో పొర వేసి కుడతాడు. ఫోన్లు బాగుచేసే ఆయన ఎవరి ఫోనైనా రెండు చేతులతోనే అందుకుంటాడు, ఒకసారి కాలి బొటనవేలు చితికింది పాపం.

కాటా పిల్ల పరిశోధన పేరు 'రెండు భాషల పిల్లలు: సోషల్ మీడియా అలవాట్లు, చదువులో వెనకబాటు'. ఒక్క పిల్లనీ పలకరించకముందే వెనకబాటు పేరులోకి వచ్చి కూర్చుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. పేరు పెట్టింది ఆమె గైడ్. డిపార్ట్‌మెంటులో అందరూ మేడమ్ అనే పిలుస్తారు కాబట్టి మనమూ మేడమ్ అనే అందాం.

బళ్ళోనూ ఆఫీసుల్లోనూ నడిచేదాన్ని ఆ ఊళ్ళో పెద్ద భాష అంటారు. మిగతావన్నీ ఇంటి భాషలు. ప్రశ్నపత్రం పెద్ద భాషలో అచ్చయింది. 'మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?' అన్నది మూడో ప్రశ్న. బడి పేరు మీద వచ్చిన కాగితం, పెద్ద భాషలో అడుగుతోంది, ఎదురుగా మెళ్ళో కార్డు వేసుకున్న పిల్ల కూర్చుంది. ఇంక చెప్పేదేముంది? అందరూ 'పెద్ద భాష' అన్నచోటే టిక్కు పెట్టారు. ఒకావిడ టిక్కు పెట్టి, పెన్ను మూత పెడుతూనే వెనక్కి తిరిగి, నీళ్ళు ఒలకబోసిన కొడుకుని ఇంటి భాషలో ఏడు తరాలూ గుర్తొచ్చేట్టు తిట్టింది. కాటా పిల్ల టిక్కుని టిక్కుగానే రాసుకుంది. ఆ పక్క కాలమ్‌లో ఆవిడ ఫోను బరువు రాసుకుంది. పదమూడు వందల గ్రాములు.

అలా అరవై ఇళ్ళు తిరిగింది. ఏడాది చివర రిపోర్టు మేడమ్ బల్ల మీద పెట్టింది.

"ఈ బరువుల కాలమ్ తీసెయ్" అంది మేడమ్.

"మేడమ్, అసలు నిజం అందులోనే ఉంది."

"నాకు తెలియదనుకున్నావా? నా ఫోను కిలోంబావు ఉంది, మోయలేక మెడ నొప్పి. అది ఇంటి సంగతి. ఇంటి సంగతులు రిపోర్టులో రాస్తామా?"

మొదటి ఏడాది గట్టెక్కాలి. కాటా పిల్ల కాలమ్ తీసేసింది. టిక్కులూ మార్కులూ మాత్రం మిగిలాయి. వాటిని ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. మార్కులు తగ్గిన ఇళ్ళలో టిక్కు ఏమన్నా ఇంటి భాష కలుస్తోందనీ, కలిస్తే పిల్లలు వెనకబడతారనీ రిపోర్టు తేల్చింది. ఆమె కింద సంతకం పెట్టింది. ఆ రోజు ఆమెకి పిరికితనం అనిపించలేదు, పని పూర్తయిందనిపించింది.

రిపోర్టు బడికి వెళ్ళింది. బడి కమిటీ సెక్రటరీ దాన్ని కళ్ళకద్దుకుని ఒక సర్క్యులర్ తీశాడు. వచ్చే టర్ము నుంచి ఇంటి భాష మాట్లాడే పిల్లలకి విడిగా సెక్షను, మేడ వెనక గదిలో. ఇంట్లో పెద్ద భాష తప్ప ఇంకోటి మాట్లాడబోమని సంతకం పెట్టిన వాళ్ళ పిల్లలు ఉన్నచోటే ఉంటారు. ఈలోగా అందరూ ఇళ్ళల్లో అలవాటు చేసుకోవాలి.

ఆ బళ్ళోనే కాటా పిల్ల అక్క కూతురు నాలుగో తరగతి చదువుతోంది. దాన్ని ఇంట్లో గోల అని పిలుస్తారు. నిద్రలో తప్ప నోరు మూసేది కాదు. చీమ కుట్టిందని మొదలుపెడితే, ఆ చీమ ఎక్కణ్ణించి వచ్చింది, వాళ్ళమ్మ ఎక్కడుంది, అక్కడిదాకా వెళ్ళేది కథ.

సర్క్యులర్ వచ్చిన మూడో నెలలో కాటా పిల్ల అక్క పనిచేసే లాండ్రీకి వెళ్ళింది. అక్క ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. గోల మూలన స్టూలు మీద కూర్చుని అమ్మ ఫోన్లో వీడియోలు తోస్తోంది. సౌండు లేదు. పిన్ని వచ్చినా తల ఎత్తలేదు.

"ఏమయిందే దీనికి?"

అక్క దుప్పటి నాలుగు మడతలు పెట్టి నంబరు చీటీ గుచ్చింది. "ఏమవుతుంది? చెప్పినట్టు చేస్తున్నాం. ఇంట్లో పెద్ద భాషే మాట్లాడుతున్నాం. తిను. చదువు. పడుకో. నాకు అంతకంటే ఏమొచ్చు? అది నాలుగు రోజులు ఏవేవో చెప్పింది. నేను జవాబు చెప్పలేకపోయాను. అదీ మానేసింది."

"బళ్ళో మాట్లాడుతోందా?"

"అక్కడా లేదట. టీచరు డైరీలో రాసింది."

కాటా పిల్ల సంచిలోంచి కాటా తీసింది. గోల చేతిలోని ఫోను అడిగి తీసుకుని పళ్ళెంలో పెట్టింది. నిరుడు ఇదే ఫోను పదకొండు వందల నలభై గ్రాములుంది. ఇప్పుడు రెండొందల పది.

అక్క ఆ అంకె చూసి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఒకటి అడుగుతా, కోప్పడకు. ఆ కాయితం కింద నీ సంతకం ఉంది కదే. చదువుకున్నదానివి, తెలిసే పెట్టి ఉంటావు అనుకున్నా. అందుకే నోరు కట్టేసుకున్నా."

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. కాటా పిల్లకి సిగ్గేసింది. ఆ వెనకే కోపం వచ్చింది. మొదట తన మీద, తర్వాత ఆ టిక్కుల మీద, డిపార్ట్‌మెంటు మెట్లెక్కేసరికి మిగిలిందంతా మేడమ్ మీద.

"బరువుల కాలమ్ మళ్ళీ పెడుతున్నాను మేడమ్."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మంగళవారం బళ్ళో తల్లిదండ్రుల మీటింగు. ఆ రోజే సంతకాలు. నువ్వొచ్చి ఉన్న రిపోర్టు ఉన్నట్టు చదువు. చదివితే నీ థీసిస్ మీద నా సంతకం ఉంటుంది. లేదంటే ఇంకో గైడ్‌ని వెతుక్కో. ఈ యూనివర్సిటీలో దొరకరు, ముందే చెబుతున్నా."

"సరే మేడమ్, మంగళవారం వస్తాను" అంది కాటా పిల్ల. ఏం చదువుతుందో చెప్పలేదు.

మంగళవారం నాలుగింటికి హాలు నిండింది. పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. బస్సు డ్రైవర్లు, నర్సులు, కూరలమ్మేవాళ్ళు, గుమాస్తాలు. ఒక్కొక్కరి ముందు ఒక్కో హామీపత్రం, ఒక్కో పెన్ను. పిల్లలు బయట వరండాలో ఉన్నారు. గోల చేతిలో పిన్ని ఫోను పెట్టి అక్కడ కూర్చోబెట్టారు, సౌండు తీసేసి.

సెక్రటరీ రెండు మాటలని ఆరు చేసి మాట్లాడి, కాటా పిల్లని పిలిచాడు. మేడమ్ ముందు వరసలో కూర్చుని ఉంది.

కాటా పిల్ల రిపోర్టు విప్పలేదు. "ఈ రిపోర్టు తప్పు. రాసింది నేనే, తప్పు నాదే" అని మొదట పెద్ద భాషలో చెప్పింది. తర్వాత అదే మాట ఇంటి భాషలో చెప్పింది. ఆ వేదిక మీద ఆ భాష వినబడడం అదే మొదలు. వెనక బెంచీలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"అరవై ఇళ్ళూ ఇంట్లో పెద్ద భాషే అని రాశాయి. నలభై ఏడు ఇళ్ళలో అది అబద్ధం. అబద్ధం మీది కాదు, ఆ భాషలో అలా అడిగిన నాది. ఫోన్లు తూచాను. కిలో దాటిన ఇళ్ళు ముప్ఫై ఒకటి. అందులో ఒక్క పిల్లా పెద్ద భాషలో తప్పలేదు. ఇంట్లో నోరారా మాట్లాడే పిల్లలకి బళ్ళోనూ నోరు తిరుగుతోంది. తేలిక ఫోన్ల ఇళ్ళలో పిల్లలు వీడియోలు చూస్తున్నారు. వాళ్ళకి ఇదీ రావడం లేదు, అదీ రావడం లేదు. ఈ కాలమ్ నిరుడు నేను తీసేశాను. ఇవాళ తెచ్చాను."

ఆమె కూర్చుంది. చప్పట్లేమీ మోగలేదు. రిపోర్టు చదివితే లోకం మారుతుందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు ఎప్పుడూ రిపోర్టు రాయనివాళ్ళే.

సెక్రటరీ నవ్వాడు. "తూకాలు కూరల కొట్లో బాగుంటాయమ్మా. బరువెక్కితే ఎక్కనీ, ఎవరు కాదన్నారు? ఇది బడి. ఊఁ, సంతకాలు కానివ్వండి."

పెన్నులు లేచాయి. మేడ వెనక గది అందరూ చూసిందే. కిటికీ లేదు, టీచరు కూడా సరిగా రాదు. పిల్లని తీసుకెళ్ళి అందులో పడేస్తారంటే ఎవరికి ధైర్యం ఉంటుంది? కాటా పిల్ల అక్క వైపు చూసింది. అక్క కూడా పెన్ను మూత తీసింది.

తీసి, కాసేపు కాగితం వైపు చూసింది. మళ్ళీ మూత పెట్టింది. ఫోను తీసి, చెల్లెలి నంబరు నొక్కి, నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఏమే గోలా, అమ్మని. పిన్ని ఫోన్లో వింటున్నావా? నిన్న నువ్వు బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయి, నా మొహం చూసి మానేశావు. నేను చూశాను. చూసి కూడా అడగలేదు. అడిగితే వీళ్ళ భాషలో అడగాలి, నాకు రాదు. నాకొచ్చినదాంట్లోనే అడుగుతున్నా. ఏం చెప్పబోయావే? ఎవరితో పోట్లాడావు? ఎవరు ఏడిపించారు? అన్నీ చెప్పు, ఒక్కటి కూడా మింగకు. ఈ కాయితం మీద నేను సంతకం పెట్టను. పెడితే మనింట్లో నీకు అమ్మ ఉండదు, టీచరుంటుంది. ఆ టీచరుకి మూడే మాటలొచ్చు."

అక్క ఫోనుని హామీపత్రం మీద పెట్టింది. మూడు నెలలు మింగిన మాటలన్నీ ఒక్కసారే దిగాయేమో, బెంచీ బల్ల కిర్రుమంది.

పక్క బెంచీలో బస్సు డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "మా వాడికీ ఒకటి చెప్పాలి, రాత్రికి వింటాడు" అని ఫోను తీసి రికార్డు నొక్కాడు. ఆ వెనక నర్సు. ఆ వెనక టిక్కు పెట్టి కొడుకుని తిట్టినావిడ, ఆవిడకి అలవాటైన పనే. హాల్లో ఐదారు ఇంటి భాషలు ఒక్కసారిగా లేచాయి. ఒకరు బుజ్జగిస్తున్నారు, ఒకరు కసురుతున్నారు, ఒకాయన ఏడుస్తూనే నవ్వుతున్నాడు. చెప్పడం అయిన వాళ్ళు అయినట్టు ఫోన్లని కాగితాల మీద బోర్లించారు.

సెక్రటరీ వేదిక దిగి వచ్చి అక్క ముందున్న కాగితం లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. చివర చిన్న ముక్క చిరిగి చేతిలోకి వచ్చింది. వాచ్‌మన్‌ని పిలిచాడు. వాచ్‌మన్ ఒకటి రెండు ఫోన్లు ఎత్తబోయి, "నడుం పట్టేస్తుంది సార్, ఎవరిది వాళ్ళు తీసుకుంటేనే అవుతుంది" అని తప్పుకున్నాడు. ఎవరూ తీసుకోలేదు.

మేడమ్ లేచింది. "రేపొచ్చి నీ కాగితాలు తీసుకెళ్ళు" అంది కాటా పిల్లతో.

"వస్తాను మేడమ్. అరవై ఇళ్ళవీ తీసుకెళ్తాను. ఇంకో అరవై ఇళ్ళు కూడా తిరగాలి."

అప్పుడు వరండా తలుపు తెరుచుకుంది. గోల లోపలికి వచ్చింది. పిన్ని ఫోనుని రెండు చేతులా పొట్టకి అదుముకుని, బరువుకి వెనక్కి వాలి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి అమ్మ బెంచీ దగ్గర ఆగింది. ఫోను అమ్మ పక్కన దించి చేతులు దులుపుకుంది.

"నిన్నటిది ఒక్కటే చెప్పనా, మొత్తం చెప్పనా?"

అక్క బెంచీ మీద జరిగి చోటిచ్చింది. "మొత్తం" అంది.

"ఏయ్ పాపా, ఇక్కడ మీటింగు జరుగుతోంది, బయటికి పో" అన్నాడు సెక్రటరీ, చేతిలో చిరిగిన ముక్కతో.

గోల ఆయన వైపు తిరిగింది. మూడు నెలలుగా ఆ బళ్ళో నోరు విప్పని పిల్ల, పెద్ద భాషలో, ఒక్క తప్పు లేకుండా, ఒక్కచోట కూడా తడబడకుండా, "సార్, మీరు కాసేపు కూర్చోండి. నేను మా అమ్మతో మాట్లాడుతున్నాను" అంది.

ఆయన కూర్చున్నాడు.

గోల అమ్మ వైపు తిరిగి, సర్క్యులర్ వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టింది.