అర్జీలో ఇల్లాలు

పోస్టుమాస్టరు హెఫెర్నన్ శవం ఇంకా ఇల్లు దాటలేదు, అప్పుడే కొనీలీల కోడలు సబీనా దొరగారి గేటు దగ్గర రాయి మీద కూచుని బూట్లు తొడుక్కుంటోందిట. ఇది పొరుగింటి విన్నీ మాడెన్ కళ్ళారా చూసి చెప్పిన సంగతి కాదు. శవజాగారానికి పోతున్న వాళ్ళెవరో కమ్మరి పెళ్ళాంతో అంటే, ఆవిడ విన్నీ చెవిన వేస్తే, విన్నీ దానికి తన వంతు ఉప్పూకారం జల్లి బావి దగ్గర పదిమందికీ పంచిపెట్టింది. "తలదగ్గర పెట్టిన కొవ్వొత్తి సగం కూడా కాలలేదుటమ్మా! పాపం, ఆ ముసలాయన చేతిలోంచి పోస్టు సంచీ ఇంకా జారనే లేదు, కొనీలీ కోడలు రెండో కొస పట్టుకుని లాగుతోంది. మొగుడికి ఉద్యోగం అడగడానికి పోయిందిట. ఎన్నోసారో దేవుడికే తెలియాలి!"

అందులో అబద్ధమేమీ లేదు, బూట్ల సంగతితో సహా. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరికీ కలిపి ఉన్నది ఒకటే జత. దారి పొడుగునా బురద కనక సబీనా వాటిని చంకలో పెట్టుకుని ఉత్తకాళ్ళతో నడిచేది, గేటు దగ్గర గడ్డికి పాదాలు తుడుచుకుని తొడుక్కునేది. అత్త పాదం కోడలి పాదం కన్నా చిన్నది. బూట్లు అత్త కొలతకి కుట్టించినవి.

కిల్‌బ్రాక్‌లో రెండోవాడిగా అడిగినవాడు అడగనివాడితో సమానం. అందుకే ఎవడైనా సర్కారు ఉద్యోగి నాలుగు రోజులు దగ్గాడంటే చాలు, ఊళ్ళో సిరాబుడ్లు తెరుచుకునేవి. ఒకసారి ఆ తొందరే కొనీలీల కొంప ముంచింది. వెన్నసంతలో తూకాల అధికారి ఓగన్‌కి జ్వరమొచ్చి, చర్చి ఫాదర్ వెళ్ళి, చావబోయేవాళ్ళకి రాసే ఆఖరి తైలం కూడా రాసి వచ్చాడు. ఇంకేముంది, "స్వర్గస్థుడైన ఓగన్ గారి స్థానంలో నన్ను దయతో నియమించవలెను" అని సబీనా మొగుడు థేడీ కొనీలీ అర్జీ వెళ్ళిపోయింది. ఓగన్ లేచి కూచున్నాడు. కూచోవడమే కాదు, కాళ్ళలో సత్తువ రాగానే ఒక ఆదివారం తిన్నగా కొనీలీల ఇంటికొచ్చి, పొయ్యి పక్కన చతికిలబడి, తట్టెడు బంగాళాదుంపలు మజ్జిగతో లాగించి, "చచ్చినవాడికి ఆకలెక్కువ, సబీనా" అన్నాడు. ఇప్పటికీ సంతలో ఆమె వెన్న తూచేటప్పుడల్లా, "ఇది స్వర్గం తూకం, తల్లీ, తప్పుండదు" అంటాడు. అర్జీ పెట్టించింది థేడీ. ఆ మాట పడేది సబీనా.

థేడీ చెడ్డవాడు కాడు. ఊళ్ళో తాగి వచ్చి పెళ్ళాల్ని కొట్టే వాళ్ళున్నారు, థేడీ ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. సముద్రంలో పడవ బోల్తాపడి అన్న పోయిన నాటి నుంచీ అతనికి నీళ్ళంటే భయం. ఉన్న చెక్క పొలం నలుగురు పిల్లల పొట్టలకి చాలదు. వానలో తడవని కూడు కావాలి, అది సర్కారే పెట్టాలి, అంతే అతని కల. జైల్లో తాళాలు వేసేవాడి పని దగ్గర్నుంచి, ఓడరేవులో సరుకు కాసే పని దాకా, దీపస్తంభంలో వత్తి ఎగదోసే పని దాకా, అడగనిది లేదు. అతనికి చదువు రాదు. దొరల భాష అసలే రాదు. సబీనా తండ్రి, బడి కట్టుకోనివ్వని రోజుల్లో కంచెల చాటున పిల్లలకి పాఠాలు చెప్పుకుని బతికిన పంతులు. కూతురికి ముత్యాల్లాంటి అక్షరాలు ఇచ్చాడు, ఇవ్వడానికి ఇంకేమీ లేక. పెళ్ళయిన కొత్తలో అత్త పెగ్ ఆ రాత చూసి, "కోడిపెట్ట గీకినట్టుంది. అయినా గీకు, కోడి గీకితేనే పురుగు దొరికేది" అంది. మెచ్చుకుందో, దెప్పిందో! ఆవిడ మాటలన్నీ అంతే, బంగాళాదుంపల్లా ఒకే బుట్టలో మంచివీ కుళ్ళినవీ కలిసి ఉంటాయి.

అర్జీ రాసే రోజున థేడీ చేసే పని ఒకటుంది. బాతు ఈక చెక్కి కలం చెయ్యడం. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. పదునైన చాకు పట్టుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని, చంటిబిడ్డ గోరు తీసినంత నెమ్మదిగా మొన తీసేవాడు. ఆ మొనను పెదవికి ఆనించి చూసి ఆమె చేతికిచ్చేవాడు. అలా ఇచ్చేటప్పుడు అతని ముఖం చూస్తే సబీనాకి వెనకటి కోపాలన్నీ ఎటో పోయేవి. ఆ తరవాత అతను గుమ్మానికి జారబడి తమ భాషలో చెప్పేవాడు, ఆమె దొరల భాషలోకి మార్చి రాసేది. అన్నీ అయ్యాక చివర్న ఎప్పుడూ ఒకే మాట. "అది మరిచిపోకు, సబీనా. నిస్సహాయురాలైన భార్య, నలుగురు పసిబిడ్డలు నా ఒక్కడి రెక్కల మీదే బతుకుతున్నారని." ఊళ్ళో అందరి అర్జీల్లోనూ ఆ మాట ఉండేది. కూరకి ఉప్పులాంటిది, అది లేని అర్జీ దొరల గొంతు దిగదని నమ్మకం. తెల్లారకముందే లేచి ఆవు పాలు పితికి, వెన్న చిలికి, కోళ్ళకి గింజలు చల్లి, బురదనేలలోంచి పొయ్యిలోకి కట్టెలకి బదులుగా కాల్చే పీటు మట్టిపెళ్ళలు వీపున మోసుకొచ్చి, గుడ్లమ్మిన దాంతోనూ అల్లిన మేజోళ్ళతోనూ ఏటేటా భూమి శిస్తు కట్టే మనిషి, సాయంత్రం చెయ్యి కడుక్కుని కూచుని, తన చేత్తో తన గురించి 'నిస్సహాయురాలు' అని రాసేది. మొదట్లో నవ్వొచ్చేది. తరవాత ఏమీ అనిపించేది కాదు. ఈమధ్యే, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కలం సిరా ఎక్కువ తాగుతోందని అనిపిస్తోంది.

రాసింది తీసుకెళ్ళడం కూడా ఆమె వంతే. "ఆడది పోతే కుక్కల్ని వదలరు" అని అత్త. "నేను పోతే ఏం మాట్లాడాలో తెలీక టోపీ నలుపుతూ నిలబడతాను" అని థేడీ. రెండూ నిజమే. నిజాలన్నీ కలిసి ఆమె నెత్తినే ఎందుకు పడతాయో!

హెఫెర్నన్ పోయిన ఆ రోజు లాంగ్‌ఫీల్డ్ దొరగారు హాలు గుమ్మంలోనే ఉన్నారు. పక్కన దొరసాని. అర్జీ చేతికిస్తే దొరగారు అటూ ఇటూ తిప్పి, "థేడీ కొనీలీ! మళ్ళీనా? ఈసారి పోయినవాడు నిజంగానే పోయాడు కదా?" అన్నారు. సబీనా తల వంచుకుంది. బూటు లోపల బొటనవేలు ఒరుసుకుపోయి మండుతోంది. ఆయన చదువుకుంటూ పోతూ చివరికొచ్చేసరికి గొంతు కాస్త మెత్తబడింది. కాగితం దొరసానికి చూపించారు. ఆవిడ చదివి, "అయ్యో, పాపం" అని సబీనా వైపు చూసింది. నిజంగానే జాలిపడ్డ కళ్ళు.

"ఎలా ఉందమ్మా ఆ పిచ్చితల్లి? లేచి తిరగగలుగుతోందా?"

సబీనాకి అర్థం కాలేదు. "ఎవరండీ?"

"థేడీ భార్య. ఏళ్ళ తరబడి ప్రతి అర్జీలోనూ చదువుతున్నాం, నిస్సహాయురాలని. మంచం పట్టిందా? నువ్వు వాళ్ళింట్లో పనిచేస్తావు కదూ, నీకు తెలుస్తుంది."

ఏళ్ళ తరబడి ఇదే గుమ్మంలో, ఇదే శాలువాతో, ఇవే బూట్లతో నిలబడ్డ మనిషి. నేనేనమ్మా అనాలి. కానీ అలా అంటే మొగుడు అబద్ధాలకోరు అవుతాడు. రాసింది తను, ఆ అబద్ధం తన చేతిదే. "తిరుగుతోందండీ" అంది చివరికి. "కాస్త కాస్త."

దొరసాని లోపలికి వెళ్ళి మూతకి గుడ్డ కట్టిన జాడీ ఒకటి తెచ్చింది. దూడకాళ్ళు ఉడికించి, ద్రాక్షసారా పోసి చేసిన తీపి జెల్లీ, జబ్బుమనుషులకి పెట్టేది. "ఇది ఆమెకే ఇవ్వాలి సుమా. పిల్లలకి పెట్టేసుకుంటుంది, తల్లులంతా అంతే. నీ ఎదురుగా తినిపించు."

దొరగారు అర్జీ మడిచి వెనక్కి ఇచ్చేశారు. "పోస్టు పనికి చదవడం రాయడం కావాలి. థేడీకి రెండూ రావని నాకు తెలుసు. నా మాట డబ్లిన్‌లో సర్కారు దగ్గర చెల్లుతుంది, కానీ వాణ్ణి సిఫారసు చేసి నవ్వులపాలు కాలేను. ఈ రాత మాత్రం బాగుంది. ఎవడో గాని, అది రాసినవాణ్ణి అర్జీ పెట్టుకోమను. ఆదివారం ప్రార్థనలోపు తెస్తే చూస్తాను."

గేటు దాటగానే సబీనా బూట్లు విప్పేసింది. మలుపు దగ్గర రాతిగోడ మీద కూచుంది. జాడీ ఒళ్ళో ఉంది. ఇంటికి తీసుకెళ్తే నాలుగు చెంచాలు నలుగురు పిల్లలకి, ఒకటి అత్తకి, మిగిలింది థేడీకి, జాడీ నాకినది తనకి. ఎప్పుడూ అంతే కదా, దానికి ఎవరినీ అనుకునేది లేదు, పెట్టేది తనే. కానీ దొరసాని, ఆమెకే ఇవ్వమని ఒట్టు పెట్టించుకున్నంత పని చేసింది. ఆమె ఎవరు? ఆ అర్జీలో ఉన్న మనిషిని సబీనా మొదటిసారి కళ్ళముందు ఊహించుకుంది. మంచం మీద, తెల్లటి దుప్పటి కింద, ఒక సన్నటి మనిషి. ఎవరూ ఆమెను పని అడగరు. ఎవరో ఒకరు వచ్చి ఎలా ఉన్నావని అడిగి పోతారు. దొరలకి ఆమె తెలుసు. తనే తెలియదు. తన చేత్తో తనే ఆమెను పుట్టించి, పాలిచ్చి పెంచి, తన చోట కూచోబెట్టింది. గుడ్డ విప్పింది. చుట్టూ చూసింది, గొర్రెలు తప్ప ఎవరూ లేరు. వేళ్ళతో తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఇంత తీపి జన్మలో ఎరగదు. పిల్లలు గుర్తొచ్చారు. అయినా ఆపలేదు. కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు ఎగబీల్చుకుంటూ, అడుగు కనిపించేదాకా తింది. నిస్సహాయురాలికి చేరవలసింది చేరింది.

ఇంటికి రాగానే పెగ్ చూపు జాడీ మీద పడింది. "ఏమిటది?"

"దొరసాని పంపింది, అత్తా. ఇంటి ఇల్లాలికి బాగాలేదని."

"ఏదీ, ఖాళీగా ఉందే?"

"ఆవిడ తినేసింది."

ముసలిది జాడీని వాసన చూసింది. కోడలి ముఖం చూసింది. ఏదో అనబోయి, ఆ మూతి పక్కన అంటుకున్న తీపిని తన శాలువా కొసతో తుడిచి, గిరుక్కున తిరిగి పొయ్యి ఎగదోయడంలో పడింది.

థేడీ సబీనా చేతిలోంచి బూట్లు అందుకుని, తడి పీల్చడానికి లోపల ఎండుగడ్డి కూరుతూ విన్నాడు. దొర అన్న మాటలన్నీ చెప్పింది, రాసినవాణ్ణి రమ్మన్న మాటతో సహా. థేడీ నవ్వాడు, ఏడుపు కన్నా అన్యాయంగా. "రాసినవాడట! ఏ బడిపంతులో అనుకున్నాడు కాబోలు. పోనీలే, అయితే మనది కాదన్నమాట." ఆమె అతని వంకే చూసింది. సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం ఇదే. దుర్మార్గం కాదు. దుర్మార్గమైతే తిట్టేసి ఊరుకోవచ్చు. ఇది అలవాటు. గడ్డి కూరిన బూట్లను అతను పొయ్యికి మరీ దగ్గరగా కాకుండా, తోలు పగలకుండా, చేతితో సెగ చూసి పెట్టాడు. ఇంత చూడగలిగిన మనిషికి నేను కనపడలేదు అనుకుంది.

శనివారం పొద్దున్న, పిల్లలకి ఓట్స్ జావ పోసి బయటికి తోలాక, బల్ల తుడిచి సిరాబుడ్డి పెట్టింది. "థేడీ, ఒక కలం చెక్కిపెట్టు."

అతని ముఖం విప్పారింది. "ఏం, ఇంకో ఉద్యోగం ఏదైనా తెలిసిందా?" అంటూనే చాకు తీశాడు.

"అదే ఉద్యోగం."

"దొర కాదన్నాడుగా?"

"నిన్ను కాదన్నాడు. రాసినవాళ్ళని రమ్మన్నాడు."

చాకు ఆగింది. సరిగ్గా అప్పుడే విన్నీ మాడెన్, పొయ్యి ఆరిపోయిందని, పటకారు పట్టుకుని నిప్పుకోసం వచ్చింది. ఆ ఇంట్లో గొంతులు వినపడ్డ రోజునే ఆవిడ పొయ్యి ఆరిపోతుంది. "ఎవరి పేరున అర్జీ?" అంది గుమ్మంలోంచే.

"నా పేరున" అంది సబీనా.

"మొగుడు నిక్షేపంలా బతికుండగానా?" విన్నీ పటకారు గుండెకి ఆనించుకుంది. "పక్కూళ్ళో పోస్టు పని చేసేది విధవరాలు, అది వేరు. ఊరు నవ్వదూ? థేడీ, వింటున్నావా?"

పెగ్ పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా, "ఊరు ఎప్పుడు నవ్వలేదు, విన్నీ? చచ్చినవాడు లేచొచ్చి నా ఇంట్లో దుంపలు తిన్ననాడు నవ్వలేదా? నిప్పు తీసుకో, చల్లారిపోతుంది" అంది. విన్నీ తీసుకుంది గాని కదలలేదు.

థేడీ చేతిలోని ఈక వంకే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. సబీనాకి భయమేసింది, విరిచేస్తాడేమోనని కాదు, ఏడుస్తాడేమోనని. ఆ ఏడుపు చూస్తే తను లేచిపోతుంది, బల్ల సర్దేస్తుంది, తన సంగతి తనకి తెలుసు. అందుకని కాగితం మీదికి వంగి, రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది. కాసేపటికి చాకు మళ్ళీ కదిలిన చప్పుడైంది. నెమ్మదిగా, చంటిబిడ్డ గోరు తీసినట్టే. మొన పెదవికి ఆనించి చూసి, ఆమె చేతికిచ్చాడు. ఇంతవరకూ చెక్కిన వాటన్నిట్లోకీ సన్నటి మొన.

ఆమె రాసింది. అతను గుమ్మానికి జారబడలేదు, పక్కన నిలబడి, తను చదవలేని అక్షరాలు ఒక్కొక్కటే కాగితం మీదికి రావడం చూశాడు. చివరి పంక్తి దగ్గర ఆమె కాస్త ఆగి, సిరా విదిలించి, ఒక్క ఊపున పూర్తిచేసింది.

"నా గురించి కూడా రాశావా?" అన్నాడు థేడీ మెల్లిగా.

"రాశాను."

"ఏమని?"

సబీనా కాగితం మీద తడి సిరా ఆరేలా ఊది, తలెత్తి అతని కళ్ళల్లోకి చూసింది.

"ఇన్నేళ్ళూ నీ అర్జీల్లో నా గురించి ఏం రాయించావో, అదే."