లెమ్యుయెల్ పేరున నాలుగు నెలలు

నాలుగో అడ్డకర్రను బెజ్జంలో పెట్టి కొయ్యసుత్తితో మూడు దెబ్బలు వేశాడు మైకాజా ప్రూయిట్. మరో దెబ్బ వెయ్యలేదు. ఎన్ని దెబ్బలకు కర్ర కూర్చుంటుందో ఆయన చేతికి తెలుసు. కుర్చీ కాళ్ళు మొన్న కొట్టిన పచ్చి మేపుల్ చెట్టువి. అడ్డకర్రలు వేసవంతా పొయ్యి పక్కన ఎండినవి. పచ్చికర్ర ఆరుతూ ముడుచుకుని ఎండుకర్రను పట్టేస్తుంది. మేకు అక్కర్లేదు, బంక అక్కర్లేదు. ఒక్క శీతాకాలం ఓపిక పట్టాలి, అంతే.

ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. నెరిసిన గడ్డంలో ఎప్పుడూ చెక్కపొట్టు ఉంటుంది. ఎడమచేతి చిటికెన వేలికి పైకణుపు లేదు. అది యుద్ధంలో పోయిందని ఊళ్ళో చాలామంది అనుకుంటారు. నిజానికి గొడ్డలికి పోయింది. నార్త్ కరొలైనా కొండల్లో ఆ చుట్టుపక్కల ఎవరింటికి వెళ్ళినా ఆయన చేసిన కుర్చీలోనే కూర్చోవాలి. ఆ సంగతి ఆయన చెప్పుకోడు. కూర్చునేముందు మాత్రం కుర్చీని ఓసారి అటూ ఇటూ ఊపి చూస్తాడు.

భార్య కెజయా మొక్కజొన్న రొట్టె మూటకట్టి తెచ్చింది.

"కోర్టుకెళ్ళే రోజు కూడా ఈ టకటకలేనా?"

"కోర్టు తెరిచేది పదింటికి గదా. అందాకా చేతులు కట్టుకుని కూర్చోమంటావా?"

"లెమ్యుయెల్ కొడుకులు పింఛనుకి ఆయన పేరు కూడా ఇవాళ్టికే రాయించారట. నువ్వు తెచ్చిచ్చిన ఆ విడుదల కాగితమే పట్టుకుని."

"తెలుసు."

"తెలిసీ వెళ్తున్నావు."

"వాడు నిజం చెప్తాడులే."

"యాభై ఏళ్ళు చెప్పనివాడు ఇవాళ చెప్తాడా?"

"యాభై ఏళ్ళుగా ఎవరూ అడగలేదుగా" అని టోపీ పెట్టుకున్నాడు మైకాజా.

ఇంగ్లీషు రాజు మీద జరిగిన యుద్ధంలో మిలీషియాలో, అంటే ఊళ్ళవాళ్ళతో కట్టిన దళాల్లో, ఆరు నెలలైనా పనిచేసినవాళ్ళు కోర్టులో ప్రమాణం చేసి చెప్పుకుంటే పింఛనిస్తామని నిరుడు, అంటే పద్దెనిమిది వందల ముప్ఫై రెండులో, చట్టం వచ్చింది. మైకాజా తన ఇష్టంతో వెళ్ళి, తన పేరున చేసినవి మూడు నెలలే. దళపతి వచ్చి ఎవరొస్తారని అడిగితే ముందుకొచ్చిన ఆరుగురిలో ఆయన ఒకడు. ఆ తరువాత ఊళ్ళో వంతులు వేసి పిలిచారు, నాలుగు నెలలు లెమ్యుయెల్ హార్గిస్ వంతు వచ్చింది. ఎవరి వంతు వస్తే వాళ్ళు తమ బదులు ఇంకొకరిని పంపుకోవచ్చు, అందులో తప్పుపట్టేదేమీ లేదు. లెమ్యుయెల్ తండ్రి ఒక చూడిపెయ్యనిచ్చి మైకాజాను ఒప్పించాడు. దళపతి పట్టీలో పేరు మార్చలేదు. రోజూ పొద్దున "లెమ్యుయెల్ హార్గిస్" అని పిలిచేవాడు, మైకాజా "ఉన్నాను" అనేవాడు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన విడుదల కాగితంలోనూ ఆ పేరే రాశారు. మైకాజా దాన్ని తిన్నగా తీసుకెళ్ళి లెమ్యుయెల్ చేతిలో పెట్టాడు. వంతు తీరిపోయిందనడానికి సాక్ష్యం అదే గదా. తన దగ్గర దాచుకోవాలన్న ఊహే రాలేదు. లెమ్యుయెల్ దాన్ని బైబిల్లో పెట్టుకున్నాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఊరు ఆయన్ని కూడా యుద్ధానికి వెళ్ళొచ్చినవాడి కిందే కట్టేసింది. జులై నాలుగున, స్వాతంత్ర్య దినం నాడు, ఇద్దరినీ ముందువరసలో పక్కపక్కన కూర్చోబెట్టేవారు. లెమ్యుయెల్ కాదనలేదు. మైకాజా నోరు విప్పలేదు.

కోర్టు దాకా ఏడు మైళ్ళూ నడిచే వెళ్ళాడు మైకాజా. పింఛను వస్తే మంచిదే, చేతులు ఇదివరకటిలా లేవు. కానీ ఆయనకు అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆ నాలుగు నెలలూ తనవని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అవేమీ గొప్ప నెలలు కావు. ఒక రేవు దగ్గర వానలో కాపలా కాశాడు, దళానికి తిండి కోసం ఎద్దుల్ని తోలాడు, తుపాకి రెండే సార్లు పేల్చాడు. ఆ రెండూ ఎవరికీ తగల్లేదనే ఆయన నమ్మకం. మూడో నెలకి జోళ్ళు అరిగిపోతే ఉత్తకాళ్ళతో తిరిగాడు. జ్వరంతో పడున్న ఒక మనిషికి మూడు రోజులు నోట్లో నీళ్ళు పోశాడు. ఆ మనిషి పోతూ పోతూ, "నీ మేలు మరిచిపోను, లెమ్" అన్నాడు. అప్పుడైనా అసలు పేరు చెప్పి ఉండాల్సిందని మైకాజా ఇప్పటికీ బాధపడతాడు.

కోర్టు గది నిండిపోయింది. లెమ్యుయెల్ నల్లకోటు వేసుకుని ఇద్దరు కొడుకుల మధ్య కూర్చున్నాడు. మైకాజా వెనక బల్ల మీద చోటు చూసుకున్నాడు. ముందు లెమ్యుయెల్‌నే పిలిచారు. గుమాస్తా కాగితం విప్పి చదివాడు. ముసలాయన్ని చూసి జడ్జి కుర్చీ వేయించాడు. అదీ మైకాజా చేసిందే.

"పెద్దాయనా, ఈ నాలుగు నెలలూ పనిచేసింది మీరేనా?"

లెమ్యుయెల్ కుర్చీ చేతిని వేళ్ళతో తడిమాడు. గుమాస్తా కలం సిరాలో ముంచి ఆగాడు. తలెత్తి చూసిన లెమ్యుయెల్‌కు వెనక బల్ల మీద మైకాజా కనిపించాడు. మైకాజా ముఖంలో కోపం లేదు, బతిమాలడమూ లేదు. బండి వస్తుందని తెలిసినవాడు దారి పక్కన నిలబడ్డట్టు చూస్తున్నాడు.

"కాగితం మీద పేరు నాదేనండీ. నడిచింది నేను కాదు."

"మరెవరు?"

"అడుగో, ఆ గడ్డంవాడు. మైకాజా ప్రూయిట్."

"నాన్నా, చాల్లే, కూర్చో" అన్నాడు పెద్దకొడుకు పళ్ళ బిగువున.

"కూర్చునే ఉన్నాను గదరా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మీరెందుకు వెళ్ళలేదని జడ్జి మెల్లగా అడిగాడు.

"మా పిండిమరలో పని తెమల్లేదని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చానండీ. పనీ లేదు, పాడూ లేదు. భయమేసింది."

డెబ్బై అయిదేళ్ళవాడు, చర్చి పెద్ద, కొడుకుల ఎదుట, ఊరందరి ఎదుట ఆ మాట అన్నాడు. మైకాజాకు కళ్ళు చెమర్చాయి. రేవు దగ్గర కాపలా కాయడం కంటే ఇదే కష్టమనిపించింది.

తరువాత మైకాజాను పిలిచి ప్రమాణం చేయించారు.

"పేరు చెప్పు, తాతా" అన్నాడు గుమాస్తా.

"అప్పటి పేరా, అసలు పేరా?"

ఈసారి గదంతా నవ్వింది. జడ్జి కూడా నవ్వాడు. పుట్టిన ఊరు, దళపతి పేరు, వెళ్ళిన దారులు అడిగిన వరసలో చెప్పాడు మైకాజా, ఎక్కడా తడుముకోలేదు. రాయడం రాదు గనక చివర తన పేరు పక్కన గీతల గుర్తు పెట్టాడు. సాక్షిగా లెమ్యుయెల్ సంతకం చేశాడు.

తిరుగుదారిలో లెమ్యుయెల్ కొడుకులు గుర్రాల మీద ముందే వెళ్ళిపోయారు. ముసలివాళ్ళిద్దరూ లెమ్యుయెల్ బండెక్కి కెజయా కట్టిచ్చిన రొట్టె తుంచుకుని తిన్నారు.

"నేను చెప్తానని నీకు ముందే తెలుసా?"

"తెలీకపోతే ఏడు మైళ్ళు నడిచొస్తానట్రా?"

"అయితే మా పెయ్యను తిరిగిచ్చెయ్."

"దాని మునిమనవరాలికి మునిమనవరాలు మా దొడ్లోనే ఉంది. పాలు పితకడం వస్తే తోలుకుపో" అన్నాడు మైకాజా. చాలా దూరం వరకు ఇద్దరూ నవ్వుకుంటూనే ఉన్నారు.

కాగితాలు వాషింగ్టన్ వెళ్ళాయి. నవంబరులో మైకాజా, కోర్టుకెళ్ళిన పొద్దున బిగించిన ఆ కుర్చీకి కూర్చునేచోట హికరీ చెట్టు బెరడు అల్లి తలుపు పక్కన పెట్టాడు. అమ్మకానికి కాదన్నాడు. ఫిబ్రవరిలో ఒక పొద్దున కెజయా గంజి తాగడానికి పిలిస్తే పలకలేదు. వెళ్ళి చూస్తే చెక్కుడుబల్ల మీద కూర్చునే ఉన్నాడు, ఒళ్ళో సగం నునుపు చేసిన కర్ర. ఊపిరి లేదు, చెయ్యి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

ఏప్రిల్లో పింఛను పత్రం వచ్చింది. లెమ్యుయెల్ స్వయంగా తెచ్చి, గుమ్మంలో నిలబడి చదివాడు. "మైకాజా ప్రూయిట్. నార్త్ కరొలైనా మిలీషియా. ఏడు నెలలు."

"మళ్ళీ చదువన్నా" అంది కెజయా.

మళ్ళీ చదివాడు.

"పేరొక్కటే చదువు."

లెమ్యుయెల్ కాగితాన్ని వెలుతురుకు తిప్పుకున్నాడు. మైకాజా పేరొక్కటే గట్టిగా చదివాడు. కెజయా ఏప్రన్ అంచుతో ముఖం తుడుచుకుని తలుపు పక్క కుర్చీలో కూర్చోమంది. ఆయన వెంటనే కూర్చోలేదు. వంగి, అలవాటు లేని చేతులతో కుర్చీ అడ్డకర్రను పట్టుకుని మెలితిప్పి చూశాడు. కర్ర కదల్లేదు. పచ్చికర్ర కాళ్ళు పూర్తిగా ఆరిపోయాయి, నాలుగో అడ్డకర్ర చుట్టూ వెంట్రుక దూరే సందు కూడా లేదు.