తేలిపోయిన జవాబు

పొద్దున్న ఎనిమిదింటికల్లా ప్రూఫులక్క ప్రెస్సులో తన కుర్చీలో ఉండాలి. పోటీ పరీక్షలకి జనరల్ నాలెడ్జి పుస్తకాలు వేసే ప్రెస్సు అది. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఒక్కటే, పుస్తకం చివర్న వచ్చే జవాబులు దిద్దడం. పెన్సిలిన్ కనిపెట్టిందెవరు, అన్నిటికన్నా లోతైన మహాసముద్రం ఏది, మొదటి ప్రపంచ యుద్ధం ఏ ఏడాది మొదలైంది... లోకంలో సంగతులన్నీ ఆవిడ కళ్ల ముందు నుంచి పోయాయి గానీ, ఒక్కటీ ఆవిడ నడుంనొప్పికి పనికిరాలేదు.

తప్పు పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. తప్పు జవాబున్న కాగితం బల్ల మీద నిలవదు. మెల్లగా లేచి, ఫ్యాను రెక్కల్ని తప్పించుకుని, పోయి పైకప్పుకి అంటుకుంటుంది. దాన్ని కర్రతో దించి, తప్పెక్కడుందో వెతికి దిద్దితే బుద్ధిగా కూర్చుంటుంది.

"ఇవాళెన్ని లేచాయమ్మా?" అనేవాడు ఓనరు సాయంత్రం తాళాలు చేతిలో పట్టుకుని.

"పదకొండండీ."

"అయితే నయమే. నిన్న పద్నాలుగు."

లేవడం, దించడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. ఇంటికెళ్లి మూడంతస్తుల మెట్లెక్కేసరికి ఆవిడ కాళ్లు ఆవిడ మాట వినేవి కావు.

ఇంట్లో ఉండేది చెల్లెలొక్కతే. అమ్మా నాన్నా పోయినప్పట్నుంచీ ఇద్దరూ ఒకరికొకరు. చెల్లెలు తొమ్మిదేళ్లుగా పరీక్షలు రాస్తోంది. అక్క తెచ్చే పుస్తకాలన్నీ ఆ చివర్నుంచి ఈ చివరికి నమిలేసింది. ప్రతిసారీ ఒకటో రెండో మార్కుల్లో పోయేది. వయసు హద్దు ఈ ఏడాదితో సరి. చెల్లెలికి ఉద్యోగం రాగానే పని మానేస్తానని అక్క ఓనరుకి ఎప్పుడో చెప్పి పెట్టింది. ఆయనా "అలాగేనమ్మా" అని ప్రతి ఏడూ తలూపుతూ వచ్చాడు.

ఆ శనివారం సాయంత్రం ఎంపికైనవాళ్ల తాత్కాలిక జాబితా వచ్చింది. చిట్టచివరి నంబరు చెల్లెలిది. ఇద్దరూ ఆ నంబరుని నాలుగైదు సార్లు వేలుపెట్టి చదువుకున్నారు. అక్క ఏడవబోయి, ఓపిక లేక ఊరుకుంది.

జాబితాతో పాటు పరీక్ష జవాబుల పత్రం కూడా పెట్టారు. అభ్యంతరాలుంటే ఆదివారం సాయంత్రం ఐదులోపు పంపమన్నారు. మర్నాడు చెల్లెలు కింద జిరాక్స్ షాపులో ఆ పత్రం తీయించి తెచ్చి, అన్నాలు తినే బల్ల మీద పెట్టింది.

కాగితం లేచింది.

ఇద్దరూ తలెత్తి చూశారు. అది పైకప్పు దగ్గర, బల్బు పక్కన ఆగింది. అక్క స్టూలెక్కి దించింది. ఎంతైనా అలవాటైన చెయ్యి, తప్పు మీదకే పోయింది.

"నలభై మూడోది. అన్నిటికన్నా వేడి గ్రహం ఏది. బుధుడని ఇచ్చారు."

"శుక్రుడు కదా," అంది చెల్లెలు.

"శుక్రుడే. నువ్వేం పెట్టావు?"

"బుధుడు. శుక్రుడని వందసార్లు చదివానక్కా. ఆ రోజు కంగారులో, సూర్యుడికి దగ్గరున్నవాడికే కదా వేడి అని చెయ్యి అటు పోయింది."

"శుక్రుడు మబ్బులు కప్పుకుని వేడంతా లోపలే దాచుకుంటాడే పిచ్చిదానా," అంది అక్క. చెల్లెలు ఆవిడ మొహంలోకి చూసి తల దించేసుకుంది.

జవాబు మారితే ఒక మార్కు పోతుంది. మార్కు పోతే నంబరు పోతుంది.

అక్క ఆ కాగితాన్ని కుర్చీలో పరిచి, దాని మీద కూర్చుంది.

"ఐదింటిదాకా ఇలాగే ఉంటా. నువ్వెళ్లి పడుకో."

"ఇంకెవరైనా పంపితే?"

"పంపితే వాళ్ల పాపం వాళ్లది. మనం చూడలేదు, మనకి తెలీదు. అంతే."

మూడయ్యేసరికి ఆవిడ కాళ్లు నేలని వదిలాయి. నాలుగింటికి కుర్చీకీ ఆవిడకీ మధ్య జానెడు ఖాళీ. ఆవిడ కళ్లు మూసుకుంది. మోకాళ్ల మీద బరువు లేదు. ఇరవై రెండేళ్లుగా వెన్నులో కూర్చున్న నొప్పి ఎటో పోయింది. తప్పు ఇంత సుఖంగా ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

"దిగక్కా," అంది చెల్లెలు. "నాలుగూ నలభై అయింది."

"కాసేపుండనీవే. హాయిగా ఉంది."

"నాకూ తెలుస్తోంది. కానీ రేపు నేను ఆ ఆఫీసులో కుర్చీలో కూర్చుంటే, నా సంగతేంటి? నిన్నైతే నేను కాలు పట్టి దించుతాను. అక్కడ నన్నెవరు దించుతారు?"

అక్క కళ్లు తెరవలేదు. కళ్ల చివర్న మాత్రం తడి వచ్చింది. కాసేపటికి చెయ్యి కిందికి చాపింది. చెల్లెలు ఆ చెయ్యి పట్టుకుని ఆవిడని నేల మీదకి దించింది. నొప్పి ఎక్కడిదక్కడికి వచ్చి కూర్చుంది. చెల్లెలు ఫోన్లో అభ్యంతరం రాసి పంపింది.

పదిరోజులకి జాబితా మారింది. చివర్న వేరే నంబరుంది.

"ఎవరో ఏమో," అంది అక్క ఆ సాయంత్రం కంచం ముందు. "వాళ్లింట్లో ఇవాళ ముద్ద దిగుతుందిలే." ఈ ఇంట్లో మాత్రం ఇద్దరికీ దిగలేదు.

మర్నాడు అక్కకి మెలకువ వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. చెల్లెలు లేదు. తలుపు వెనకాల తను ప్రెస్సుకి పట్టుకెళ్లే సంచీ లేదు. గాభరాపడి చెప్పులు వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది. ఓనరు.

"ఏమ్మా, మీ చెల్లెలొచ్చి నీ కుర్చీలో కూర్చుంది. ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండీ. వచ్చేస్తున్నా, పది నిమిషాల్లో..."

"ఆగాగు. పొద్దున్నుంచి ఒక్క కాగితమూ లేవలేదు."

"తప్పుల్లేవా?"

"ఎందుకుండవూ, బోలెడు! కాగితం లేచే లోపే పిల్ల పట్టేస్తోంది. ఇన్నాళ్లూ ఎక్కడ దాచావమ్మా దీన్ని?" ఓనరు గొంతు తగ్గించాడు. "నెలకి ఇంతని మాట్లాడుకున్నాం. నువ్విక రానక్కర్లేదంది. నేను నిన్నడిగి చెప్తానన్నాను."

ఆవిడ ఏమందో ఆవిడకే గుర్తులేదు. ఫోన్ పెట్టేసింది.

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. పనిరోజున పదకొండు గంటలప్పుడు తన ఇల్లెలా ఉంటుందో ఆవిడకి తెలీదు. వంటింటి కిటికీలోంచి ఎండ వచ్చి గిన్నెల మీద పడి ఉంది. పై అంతస్తులో ఎవరో బట్టలు దులుపుతున్నారు. ఆవిడ గుమ్మం పక్కన నేల మీద చతికిలబడి, ఆ ఎండ గిన్నెల మీంచి గోడ మీదకి ఎలా జరుగుతుందో చూస్తూ ఉండిపోయింది.