కార్డు కిరసనాయిలు

మార్తమ్మ రేషను కార్డును పొయ్యిలో పెట్టిన రోజున ఇదేం పనని అడిగే మనిషి ఇంట్లో లేడు. ఉండి ఉంటే మొగుడు జక్కయ్య అడిగేవాడు. "కార్డు మీద పంచదార వస్తదే పిచ్చిదానా, దయ్యం రాదు" అని నవ్వేవాడు కూడా. కానీ జక్కయ్యనీ, పెళ్లీడుకొచ్చిన కూతురు దానమ్మనీ డెబ్బయ్యేడు ఉప్పెన తీసుకుపోయింది. కోడూరు అవతల వాళ్ల పల్లెలో ఇల్లు ఎక్కడుండేదో చూపించడానికి గోడ ముక్క కూడా మిగల్లేదు. మనుషులూ దొరకలేదు.

మార్తమ్మ మిగిలింది ఉద్యోగం వల్ల. బెజవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. వారమంతా భవానీపురంలో అద్దె గది, శనివారం డ్యూటీ దిగగానే బస్సు. చివరి బస్సు దిగి, కాలవ గట్టు మీద చీకట్లో నడుచుకుంటూ ఇల్లు చేరేది. ఉప్పెన వచ్చిన శనివారం సెలవివ్వలేదు. "వచ్చే వారం వెళ్దువులే" అన్నారు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేని మాట అది. అందుకే మార్తమ్మకి అది మింగుడుపడలేదు.

అప్పట్నుంచి ఆమెకి బస్సెక్కాల్సిన పని లేదు. శనివారం సాయంత్రం వచ్చేసరికి మాత్రం కాళ్లు వాటంతటవే బస్టాండు వైపు తిరిగేవి. అలా తిరుగుతున్న రోజుల్లోనే ఒకసారి కృష్ణ కట్ట పక్కన తాటాకుల షెడ్డులోంచి పాటలు వినబడి లోపలికి వెళ్లి కూర్చుంది. అక్కడ ఏసుపాదం అయ్యగారు వాక్యం చెబుతున్నారు. రైల్వేలో గుమాస్తాగా రిటైరైన మనిషి, మెత్తని గొంతు. ప్రభువు రాకడ రోజున పొలంలో ఇద్దరు పనిచేసుకుంటూ ఉంటారని, అందులో ఒకరిని తీసుకుపోతారని, రెండో మనిషి విడువబడతాడని చెబుతున్నారు. షెడ్డులో ఉన్న మిగతా వాళ్లందరికీ అది జరగబోయే సంగతి. మార్తమ్మకి జరిగిపోయిన సంగతి.

ఇంకోసారి విడువబడకూడదు. ఆ రోజు నుంచి ఆమెకి అదొక్కటే పట్టింపు. ప్రభువు రాకడలో పైకి ఎత్తబడితే అక్కడ జక్కయ్య ఉంటాడు, దానమ్మ ఉంటుంది. ఎత్తబడకపోతే ఇదే గది, ఇదే చాప. అందుకని సిద్ధపడటం మొదలుపెట్టింది. మన మార్తమ్మ సిద్ధపడటమంటే మామూలుగా ఉండదు, పురుళ్ల గదిలో వేడినీళ్లు సిద్ధం చేసిన చెయ్యి అది. తెల్లచీర ఉతికి గంజిపెట్టి మడతపెట్టింది. ఉపవాసాలు పట్టింది. రోజూ పొద్దుగూకగానే లాంతరు వెలిగించి కిటికీలో పెట్టేది. కరెంటు ఇంకా ఆ వీధి చివరి దాకా రాలేదు. షెడ్డులో జరిగే ఆ ప్రార్థన కూటంలో ఎవరి లాంతరు వాళ్లు వెలిగించుకుని తీసుకురావడం ఆనవాయితీ. వాటిని షెడ్డులో ఓ తీగకి వరసగా తగిలించేవాళ్లు. బైబిలు కథలో పెళ్లికొడుకులా ప్రభువు ఏ వేళప్పుడు వస్తాడో తెలియదు గనక దీపాలు వెలుగుతూ ఉండాలి, అదీ అర్థం.

అక్కడిదాకా బాగానే ఉంది. ఒక శుక్రవారం అయ్యగారు సాతాను ముద్ర గురించి చెప్పారు. చివరి రోజుల్లో మనుషులకి నంబర్లు వేస్తారని, ఆ ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు అని, వేయించుకున్నవాడికి పరలోకం తలుపు మూసుకుపోతుందని. ఆయన రేషను కార్డు మాట ఎత్తలేదు. ఎత్తలేదు గానీ మార్తమ్మ ఇంటికొచ్చి, డబ్బాలోంచి కార్డు తీసి చూసుకుంది. దాని మీద నంబరుంది. అది లేకపోతే డిపోలో ఏదీ కొనలేం. ఇంకేం కావాలి? అన్నం ఉడుకుతున్న పొయ్యిలోకి తోసేసింది. పంచదార వాడే అలవాటు ఎటూ లేదు. బియ్యం బజార్లో కొనుక్కుంది. కిరసనాయిలు మూలమీది కొట్లో సీసాల లెక్కన దొరికేది. ఒక్క చేత్తో సాతాన్ని గెలిచినట్టు కొన్నాళ్లు హాయిగా నిద్రపోయింది కూడా.

డెబ్బయ్యి తొమ్మిది వానాకాలానికి ఆ హాయి వదిలింది. కిరసనాయిలు కరువొచ్చింది. కార్డున్న వాళ్లే డిపో ముందు డబ్బాలు పట్టుకుని పొద్దస్తమానం నిలబడుతున్నారు. మూలమీది కొట్టువాడు ఖాళీ పీపాని తట్టి చూపించాడు. సరిగ్గా అప్పుడే స్కైలాబు గొడవ. ఆకాశంలోంచి అమెరికా వాళ్ల యంత్రం ఊడిపడబోతోందని, ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లకే తెలియదని రేడియోలో, పేపర్లో అదే మాట. కోళ్లు కోసుకు తినేవాళ్లు తింటున్నారు, అప్పులు ఎగ్గొడదామనుకునేవాళ్లు ఎగ్గొడుతున్నారు. ఏసుపాదం అయ్యగారు ఎవరినీ భయపెట్టలేదు. "అది పడినా పడకపోయినా మనం మెలకువగా ఉందాం. పడుతుందన్న రోజు సాయంత్రం మీ మీ ఇళ్లల్లో దీపాలు వెలిగించుకుని ప్రార్థనలో ఉండండి" అన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం మార్తమ్మ లాంతరు చిమ్నీ ముగ్గుపిండితో తోమింది. ఒత్తి కత్తిరించింది. లాంతరు ఊపి చూస్తే లోపల చుక్క కదల్లేదు. సీసా పట్టుకుని సువార్తమ్మ గారింటికి బయల్దేరింది.

సువార్తమ్మ అదే కూటంలో విశ్వాసి, రెండు వీధుల అవతల ఉంటుంది. మంచం కింద, కరువుకి ముందే బజార్లో కొని దాచిన కిరసనాయిలు డబ్బా ఉంది. మార్తమ్మ దాన్ని చూసింది, మార్తమ్మ చూసిన సంగతి సువార్తమ్మా చూసింది.

"ఒక్క సీసా సిస్టరు గారూ. ఈ పూటకి చాలు."

సువార్తమ్మ చెడ్డమనిషి కాదు, ఆమె కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. "పదిమంది కన్యకల సంగతి మీకు తెలియంది కాదు గదండీ" అంది. "నూనె అడిగితే బుద్ధిగలవాళ్లు ఏమన్నారు? మాకూ మీకూ చాలదేమో, వెళ్లి కొనుక్కోండి అన్నారు. వాళ్లు పోసిచ్చి ఉంటే అందరి దీపాలూ ఆరిపోయేవి. ఇవాళ్టి రోజున నేనేం చెయ్యను, మీరే చెప్పండి."

మార్తమ్మ ఖాళీ సీసాకి మూత పెట్టుకుంది. "నిజమేలెండి. నేనైనా అంతే అనేదాన్ని."

సువార్తమ్మ కాఫీ ఇచ్చింది, కిరసనాయిలు ఇవ్వలేదు. నాకైతే ఆ గ్లాసు అక్కడే బోర్లించి రావాలనిపించేది. మార్తమ్మ తాగి, గ్లాసు కడిగి పెట్టి, వందనాలు చెప్పి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి ముసురు పట్టింది. కొండ మీంచి గాలి విసురుగా వస్తోంది. ఉప్పెన తరవాత గాలి చప్పుడంటే ఆమెకి పడదు, చెవుల్లో దూది పెట్టుకునేది. ఆ సాయంత్రం పెట్టుకోలేదు. తెల్లచీర కట్టుకుని, వెలగని లాంతరు ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది. వీధిలో మనుషులు లేరు. రోజూ అరిచే పాలవాడు కూడా రాలేదు. మెల్లగా చీకటి పడుతుంటే ఆమెకి ఒక్కటే తోచింది. ఇంత చేసీ మళ్లీ మిగిలిపోతున్నాను. అందరూ వెళ్లాక వెనకే వెళ్లి ఆ తలుపు వెతుక్కోవడానికి కూడా తన దగ్గర వెలుగు లేదు. ఏడుపు రాలేదు, ఉప్పెన రోజున కూడా రాలేదు.

"పిన్నిగారూ, దీపం పెట్టలేదేం?"

ఇంటివాళ్ల కోడలు మాణిక్యమ్మ. ముందు వాటా వాళ్లది. మొగుడు రత్తయ్య ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. పిల్లలింకా లేరు. అత్తగారు గుడివాడ వెళ్లి ఉంది.

"నూనె లేదమ్మా."

"అడగొచ్చుగా" అని లోపలికెళ్లి డబ్బా, గరాటూ తెచ్చింది. లాంతరు అందుకోబోయింది. మార్తమ్మ వదల్లేదు.

"ఆగు మాణిక్యం. అది కార్డు నూనేనా?"

"మరి బావిలో తోడతామా? కార్డుదే. మొన్న డిపో కాడ నిలబడి నిలబడి కాళ్లు పీక్కుపోయినయ్."

"అయితే వద్దమ్మా." నంబరు సంగతి, ముద్ర సంగతి తనకి తెలిసినంతలో చెప్పింది. చెబుతుంటే తనకే ఎక్కడో అతకనట్టు అనిపించింది, అయినా చెప్పింది.

మాణిక్యమ్మ నవ్వలేదు. డబ్బా కింద పెట్టి గడప పక్కన చతికిలబడింది. "ఏమో పిన్నిగారూ, నాకవన్నీ తెలీవు. ఆయనింకా రాలా. ఆటోనగర్లో మధ్యాహ్నమే షెడ్లు మూసేసి ఎవరిళ్లకి వాళ్లు పోయారంట. మరి ఈయన ఏమైనట్టు? ఒక్కదాన్నే ఉండా. రోజూ మీ లాంతరు ఎలుగు మా వంటింటి గోడ మీద పడుద్ది. ఆయన వచ్చిందాకా అది చూసుకుంటా కూచుంటా. అమ్మయ్య, పిన్నిగారుండారులే అని. ఇవాళ గోడంతా చీకటి. భయమేసి వచ్చా."

మార్తమ్మకి ఆ సంగతి తెలియదు. ఇన్నాళ్లూ తన దీపాన్ని పైనుంచి ఒకరు చూస్తారని కిటికీలో పెట్టింది. పక్క వంటింట్లోంచి ఇంకొకరు చూస్తున్నారని ఎప్పుడూ అనుకోలేదు.

డబ్బా వంక చూసింది. ఆ నూనె పోయించుకుంటే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు, తెలుసనే నమ్మింది. తలుపు మూసుకుపోతుంది. అవతల జక్కయ్య ఉంటాడు, ఇవతల తనుంటుంది. ఇటు చూస్తే ఈ పిల్ల చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ వీధి మలుపు వంకే చూస్తోంది. గాలికి ఎక్కడో రేకు కొట్టుకున్నప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. ఉప్పెన రోజున దానమ్మ కూడా ఇలాగే గడపలో కూర్చుని తన కోసం చూసి ఉంటుంది. మార్తమ్మ ఆ సంగతి ఇంతవరకూ మనసులోకి రానివ్వలేదు, ఇప్పుడు తల్చుకుంది.

"పొయ్యమ్మా" అని లాంతరు ముందుకి జరిపింది. "జక్కయ్యా, నన్ను క్షమించు" అని లోపల అనుకుంది.

లాంతరు వెలిగింది. కార్డు నూనె అయినా వెలుగు మామూలుగానే ఉంది. ఇద్దరూ దాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఊరికే కూర్చుంటే ఆ పిల్ల మళ్లీ భయపడుతుందని మార్తమ్మ పదిమంది కన్యకల కథ చెప్పింది. అయిదుగురు నూనె తెచ్చుకోవడం, అయిదుగురు తెచ్చుకోకపోవడం, పెళ్లికొడుకు ఆలస్యంగా రావడం, నూనె కొనడానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి తలుపులు వేసెయ్యడం.

మాణిక్యమ్మ శ్రద్ధగా విన్నది. "నూనె కొనడానికి ఎందుకెళ్లారు? అక్కడే ఉండొచ్చుగా."

"దీపం లేకుండా ఎలా ఉంటారమ్మా?"

"చీకట్లోనే ఉంటే ఏం? పెళ్లికొడుకు వాళ్లని చీకట్లో గుర్తుపట్టడా?"

మార్తమ్మ జవాబు చెప్పబోయింది. అయ్యగారు చెప్పినవి చాలా ఉన్నాయి, నూనె అంటే ఏమిటి, దీపం అంటే ఏమిటి అని. అవేవీ కాకుండా కాలవ గట్టు గుర్తొచ్చింది. శనివారాల్లో చివరి బస్సు దిగి వెళ్తుంటే ముందు చెయ్యి పెట్టి చూసినా కనపడని చీకటి. ఆమె చేతిలో ఎప్పుడూ లాంతరు లేదు. తను ఇంకా మలుపు తిరక్కుండానే గట్టు అవతల్నుంచి జక్కయ్య గొంతు వినిపించేది, "అడుగు చప్పుడు నీదేలే, మెల్లగా రా" అని. ఎన్నేళ్లు నడిచింది ఆ గట్టు మీద. ఒక్కసారన్నా జక్కయ్య ఎవరది అని అడగలేదు.

జక్కయ్య పాటి చెయ్యడా ప్రభువు?

అప్పుడు ఏడ్చింది మార్తమ్మ. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, ఉప్పెన నాటి ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. మాణిక్యమ్మ కంగారుపడింది. ఏం తప్పు మాట అన్నానో అని రెండు మూడు సార్లు అడిగింది. ఏమీ అనలేదని మార్తమ్మ తల ఊపింది. ఆ పిల్ల ఇంకేం చెయ్యాలో తోచక ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

కాసేపటికి సైకిలు గంట వినబడింది. రత్తయ్య తడిసి ముద్దయి వచ్చాడు. "మా ఓనరు ఒకడు" అన్నాడు సైకిలు గోడకి ఆనిస్తూ. "స్కైలాబు పడేలోపు లారీ డెలివరీ ఇచ్చెయ్యాలంట. అది పడితే లారీ ఎవడికి కావాల?" మాణిక్యమ్మ అతన్ని తిడుతూ, తువ్వాలు కోసం లోపలికి పరిగెత్తింది. గడప దాటేటప్పుడు వెనక్కి తిరిగి, "ఒక్కరే ఉంటారా పిన్నిగారూ?" అంది.

"ఉంటాన్లే, వెళ్లి వాడికి అన్నం పెట్టు."

ముందు వాటాలో గిన్నెల చప్పుడు, మాటలు, రత్తయ్య నవ్వు వినిపించాయి. తరవాత తలుపు వేశారు. మార్తమ్మ మళ్లీ ఒంటరిదైంది. గది అదే, చాప అదే, ముసురూ తగ్గలేదు. లాంతరు ఎత్తి చూసింది. నూనె సగానికి పైనే ఉంది. రత్తయ్య వచ్చేశాడు గనక ఇక ఈ పూటకి ఆ పిల్లకి గోడ మీద వెలుగుతో పనిలేదు. రేపు పొద్దుగూకితే మళ్లీ కావాలి.

ఒత్తి దించి, చిమ్నీ మీద నుంచి ఊదేసింది. చీకట్లోనే గడప మీద కూర్చుంది. గాలి వీస్తోంది. తను ఇక్కడున్నట్టు ఎవరికీ చూపించనక్కర్లేదనిపించింది.